కరగడం వేరు, తరగడం వేరు

సందేహం: "రేడియం క్రమంగా కరిగిపోతూ రేడాన్ వాయువుగా ఆవిరవుతుంది" అని ఒక వ్యాసంలో చదివాను. ఘనం నేరుగా వాయువైతే ఉత్పతనం అంటారు కదా. ఇక్కడ ఏ మాట వాడాలి?

సమాధానం: కరగడం, ఆవిరవడం, ఉత్పతనం, ఈ మూడింటిలో ఏదీ ఇక్కడ చెల్లదు. ఇవన్నీ స్థితి మారడాన్ని చెప్పే మాటలు. రేడియం విషయంలో మారుతున్నది మూలకమే.

'కరుగు' ద్రావిడభాషల ఉమ్మడి సొత్తు. కన్నడంలో 'కరగు', తమిళంలో 'కరై'. మంచు కరగడానికీ, ఉప్పు నీళ్లలో కరగడానికీ మనకు ఒకటే మాట. కంసాలి మూసలో బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. చల్లారితే మళ్లీ బంగారంగానే గడ్డకడుతుంది. 'ద్రవీభవనం'లోని దీర్ఘం కూడా ఇదే చెబుతోంది. అది సంస్కృతంలోని చ్వి ప్రత్యయం వల్ల వచ్చింది. మునుపు అట్లు కానిది అట్లు కావడం దాని అర్థం. అంటే ద్రవం కానిది ద్రవమైంది, వస్తువు మాత్రం అదే. 'భవనం'లోనే 'కావడం' ఉండగా, నేటి పాఠ్యపుస్తకాలు 'ద్రవీభవనం చెందుతుంది' అని ఎందుకు సాగదీస్తాయో నాకు బోధపడదు. 'కరుగుతుంది' అంటే పిల్లలకు అర్థం కాదా?

ఉత్పతనానికి ఇంట్లోనే ఉదాహరణ ఉంది. హారతి కర్పూరం డబ్బాలో ఉండగానే హరించుకుపోతుందని పెద్దలు అందులో నాలుగు మిరియాలు వేస్తారు. హరించుకుపోయినా గాలిలో ఉన్నది కర్పూరమే. వాసనే అందుకు సాక్షి.

ఇక రేడియం సంగతి. దానిని కరిగించాలంటే దాదాపు 700 డిగ్రీల వేడి కావాలి, కరిగినా అది రేడియమే. రేడాన్ పుట్టడానికి ఆ వేడితో పని లేదు. 88 ప్రోటాన్ల రేడియం పరమాణువు రెండు ప్రోటాన్లున్న ఒక ఆల్ఫా కణాన్ని విసిరివేసి, 86 ప్రోటాన్ల రేడాన్ అవుతుంది. ఆ వాయువును సున్నాకు దిగువ 62 డిగ్రీలకు చల్లార్చితే ద్రవ రేడాన్ వస్తుందే గాని, రేడియం తిరిగి రాదు. ఈ వాయువును 1900 ప్రాంతంలో గమనించినవారు కూడా దానిని 'ఎమనేషన్' అన్నారు. లాటిన్ మూలంలో అది వెలికి పారడమే. మూలకం మరో మూలకంగా మారుతున్నదని శాస్త్రవేత్తలు రూథర్‌ఫర్డ్, సాడీలు 1902లో చెప్పారు. మన వ్యాకరణంలో పూర్వవర్ణాన్ని తొలగించి శత్రువులా వచ్చి కూర్చునే ఆదేశం వంటిది ఈ మార్పు.

కనుక నేనైతే 'తరుగు' అంటాను. రేడియం-226 అనే రకం సుమారు 1600 ఏళ్లకు సగానికి తరుగుతుంది, మరో 1600 ఏళ్లకు ఆ సగంలో సగానికి. కంసాలి లెక్కగట్టే తరుగు, కూరగాయల తరుగు వేరే సందర్భాలు. పాఠ్యగ్రంథాలలో స్థిరపడిన 'క్షయం' తప్పని అనను; అయితే 'తరుగు' గాని 'క్షయం' గాని పోయినదాన్నే చెబుతాయి, పుట్టినదాన్ని చెప్పవు. అందువల్ల ఆ వాక్యాన్ని "రేడియం తరుగుతూ రేడాన్‌గా మారుతుంది" అని దిద్దుకోవచ్చు. రెండింటినీ ఒక్క మాటలో ఇమిడ్చే తెలుగు పదం పాఠకులెవరికైనా తోస్తే, దానిని స్వీకరించడానికి నాకు అభ్యంతరం లేదు.