వీడియో పోకర్ ఎలా నేర్చుకోవాలి? ముందు మెషిన్ మీద రెండు అంకెలు చూడండి

మీరు అడిగింది ఇది: రమ్మీ బాగా వచ్చు, పోకర్ రాదు. క్యాసినోలో వీడియో పోకర్ ఆడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? అది కూడా స్లాట్ మెషిన్ లాంటి గుడ్డి అదృష్టమేనా?

చూడటానికి స్లాట్ లాగే ఉంటుంది, స్లాట్ల మధ్యలోనే పెడతారు. కానీ లోపల ఆట వేరు. స్లాట్‌లో ఏ బొమ్మ ఎంత అరుదుగా పడుతుందో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. వీడియో పోకర్‌లో ఉండేది 52 ముక్కల పేక. పేకముక్కలు చూపించే మెషిన్‌లో ఒక్కో ముక్క పడే అవకాశం నిజమైన పేకలో ఎంతో అంతే ఉండాలని నెవాడా నిబంధనలు చెబుతాయి. ఏ హ్యాండ్‌కి, అంటే చేతిలో కుదిరిన ఐదు ముక్కలకి, ఎంత ఇస్తుందో తెర మీదే రాసి ఉంటుంది. ఈ రెండూ తెలిస్తే ఆ మెషిన్ సగటున ఎంత తిరిగి ఇస్తుందో ఎవరైనా లెక్క కట్టేయొచ్చు. నాకు ఈ ఆట మీద ఆసక్తి పుట్టింది అక్కడే. క్యాసినో తన వాటా ఎంతో ముందే చెప్పేసే మెషిన్లు ఇంకెన్ని ఉన్నాయి చెప్పండి!

ఆడటం ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. డీల్ నొక్కితే ఐదు ముక్కలు పడతాయి. ఉంచుకోవాల్సిన వాటికి హోల్డ్ నొక్కి, డ్రా నొక్కితే మిగతావి మారతాయి. అంతే, ఆట అయిపోయింది. ఎదురుగా మనుషులు లేరు, బ్లఫ్ లేదు, ఎవరి ముఖమూ చదవక్కర్లేదు. కాబట్టి టేబుల్ మీద ఆడే పోకర్ రాకపోవడం లోటేమీ కాదు.

మొదట జాక్స్ ఆర్ బెటర్ అనే రకంతోనే నేర్చుకోండి. ఇందులో డబ్బు వచ్చే కనీస హ్యాండ్ జాకీల జత. రాణుల జత, రాజుల జత, ఆసుల జత కూడా అంతే, పెట్టింది పెట్టినట్టు వెనక్కి వస్తుంది. పదుల జతకి ఏమీ రాదు. రమ్మీ ఆడేవాళ్లకి ఇక్కడ రెండు చోట్ల తికమక. ఐదు ముక్కలు వరసగా ఉంటే చాలు, గుర్తులు కలవకపోయినా అది స్ట్రెయిట్. ఐదూ ఒకే గుర్తయితే చాలు, వరస లేకపోయినా ఫ్లష్. రెండూ కలిస్తే స్ట్రెయిట్ ఫ్లష్. పది నుంచి ఆసు దాకా ఒకే గుర్తులో వస్తే అదే రాయల్ ఫ్లష్. ఇక రెండో తికమక అలవాటుది. రమ్మీలో పాయింట్ల భయంతో రాజునీ రాణినీ ముందే వదిలించుకుంటాం కదా, ఇక్కడ తిరగేసి ఆడాలి. ఏమీ కలవని హ్యాండ్‌లో మీకు పనికొచ్చేవి ఆ పెద్ద ముక్కలే.

ఇప్పుడు ఆ రెండు అంకెలు. మెషిన్ పందేన్ని క్రెడిట్లలో లెక్కిస్తుంది. తెర మీద పట్టికలో ఒక క్రెడిట్ వరసలో ఫుల్ హౌస్‌కి (ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి ఒక జత) ఎంత, ఫ్లష్‌కి ఎంత అన్నది చూడండి. 9, 6 ఉంటే అది మంచి మెషిన్. తప్పుల్లేకుండా ఆడితే సగటున 99.54 శాతం తిరిగి వస్తుంది. 8, 5 ఉంటే 97.30. 6, 5 ఉంటే 95 శాతమే. బయటికి మూడు మెషిన్లూ కవలల్లా ఉంటాయి. తేడా చిన్నగా అనిపిస్తుందేమో, ఓసారి లెక్క వేయండి. చెయ్యి తిరిగినవాళ్లు గంటకి 600 హ్యాండ్లు ఆడగలరు. హ్యాండ్‌కి 5 క్రెడిట్ల చొప్పున 3,000 క్రెడిట్లు పందెం కాసినట్టు. 9/6 మీద గంటకి సగటు నష్టం 14 క్రెడిట్లు, 8/5 మీద 81, 6/5 మీద 150. ఆట అదే, శ్రమ అదే, నష్టం పది రెట్లు! నేను క్యాసినోలోకి వెళ్తే ముందు ఓ చుట్టు తిరిగి ఈ అంకెలే చూసుకుంటాను. ఒకే మెషిన్‌లో క్రెడిట్ విలువ మార్చితే పట్టిక కూడా మారిపోవచ్చు, అందుకే విలువ ఎంచుకున్నాక మళ్లీ చూడాలి. బార్ కౌంటర్‌లో బిగించిన మెషిన్ల దగ్గర మరీ జాగ్రత్త. నాకు అక్కడ మంచి పట్టిక కనబడటం అరుదు.

ఐదు క్రెడిట్లు ఎందుకంటే రాయల్ ఫ్లష్ కోసం. ఒకటి నుంచి నాలుగు క్రెడిట్ల దాకా రాయల్‌కి క్రెడిట్‌కి 250 చొప్పున ఇస్తారు. ఐదు పెడితే మాత్రం క్రెడిట్‌కి 800 చొప్పున, మొత్తం 4,000. తక్కువ పెట్టి ఆడితే సగటులో ఒక శాతానికి పైగా చేజేతులా వదులుకున్నట్టే. ఐదు పెట్టడం భారం అనిపిస్తే క్రెడిట్ విలువ తక్కువున్న మెషిన్‌కి మారండి, కానీ ఐదే పెట్టండి. చిన్న విలువ మెషిన్ల పట్టిక తరచుగా అధ్వానంగా ఉంటుందన్నది వేరే గొడవ. రెంటికీ మధ్య ఎక్కడో సర్దుకోవాలి.

నేర్చుకోవాల్సిన అసలు విద్య ఏవి ఉంచుకోవాలి అన్నదే. దీనికి పెద్దదానితో మొదలై చిన్నదానితో ముగిసే ఒక వరస పట్టిక ఉంటుంది, స్ట్రాటజీ కార్డ్ అంటారు. బట్టీ పట్టే ముందు ఒక హ్యాండ్ మీరే లెక్క వేసి చూడండి, అప్పుడు నమ్మకం కుదురుతుంది. ఇస్పేటు జాకీ, ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఏడు, ఇస్పేటు రెండు, ఆఠీను ఏడు పడ్డాయనుకోండి. ఏడుల జత ఉంచాలా, నాలుగు ఇస్పేట్లు ఉంచాలా? పేకలో మిగిలినవి 47 ముక్కలు. అందులో ఇస్పేట్లు తొమ్మిది, ఒక్కోటీ ఫ్లష్ అయి 6 తెస్తుంది, 54. మిగతా మూడు జాకీల్లో ఏది వచ్చినా జత కుదిరి 1 చొప్పున 3. మొత్తం 57. దాన్ని 47తో భాగిస్తే 1.21. ఏడుల జత విలువ సుమారు 0.82. కాబట్టి ఇస్పేట్లే. అదే ఏడుకి బదులు జత జాకీలది అయితే దాని విలువ 1.54, అప్పుడు ఫ్లష్ ఆశ వదిలేయాలి.

ఇంకోటి మనసుకి కష్టంగా ఉంటుంది. ఆఠీనులో పది, జాకీ, రాణి, రాజు, నాలుగు పడ్డాయి. ఫ్లష్ చేతిలోకి వచ్చేసింది, ఆరు ఖాయం. అయినా నాలుగుని పారేసి ఆఠీను ఆసు కోసం పోవాలి. రాగల చెల్లింపులన్నీ కలిపి లెక్కిస్తే సగటు 19కి పైనే ఉంటుంది. వచ్చిన ఫ్లష్‌ని విరగ్గొట్టడానికి నాకు వేలు ఆడేది కాదు, లెక్క కాగితం మీద వేసుకున్నాకే ఆ బెదురు పోయింది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పని ఇంకొకటి ఉంది. చిన్న జతతో పాటు ఆసుని కూడా 'ఎందుకైనా మంచిది' అని పట్టుకుంటారు. మంచిది కాదు. అలా పట్టుకుంటే జతకి తోడు అదే అంకెవి మూడో ముక్క, నాలుగో ముక్క వచ్చే అవకాశాలు తగ్గిపోతాయి. జత ఒక్కటే ఉంచి మూడు మార్చండి.

సాధన ఇంట్లో చేయాలి, క్యాసినోలో కాదు. తప్పు ముక్క ఉంచితే ఆపి చెప్పే ప్రాక్టీస్ ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. నేను నేర్చుకుంది వాటితోనే. కార్డు చూడకుండా చాలాసేపు ఒక్క హెచ్చరికా రాకుండా ఆడగలిగితే సిద్ధమైనట్టు. అయినా స్ట్రాటజీ కార్డ్ జేబులో పెట్టుకెళ్లండి. సాధారణంగా మెషిన్ దగ్గర చూసుకుంటే ఎవరూ కాదనరు, మొహమాటపడక్కర్లేదు. వేగంగా ఆడాలన్న టెన్షన్ కూడా వద్దు. వెనక ఎవరూ నిలబడి లేరు. నెమ్మదిగా ఆడితే గంటకి పెట్టే పందెమే తగ్గుతుంది, అది మీకే లాభం.

డ్రా నొక్కే ముందు హోల్డ్ గుర్తులు వెలిగాయో లేదో చూడండి. నా పక్క సీట్లో ఒకాయన మూడు రాజుల మీద హోల్డ్ నొక్కాడు, రెండింటికే వెలిగింది, చూసుకోకుండా డ్రా కొట్టేశాడు. మూడో రాజు పోయింది. బటన్లు వాడి వాడి అరిగిపోయి ఉంటాయి మరి. తెర మీదే ముక్కని తాకడం నయం.

డబ్బు సంగతి సూటిగా చెప్తాను. 99.54 శాతం అంటే ప్రతి రోజూ వచ్చేది కాదు. అందులో దాదాపు 2 శాతం రాయల్ ఫ్లష్‌దే, అది సుమారు 40,000 హ్యాండ్లకి ఒకసారి వస్తుంది. గంటకి 600 చొప్పున ఆడినా 60 గంటల పైమాటే. అంటే రాయల్ పడని మామూలు రోజున ఆ మంచి మెషిన్ మీద కూడా గంటకి సగటున 70 క్రెడిట్ల పైచిలుకు పోతాయి. కాబట్టి పోయినా ఫర్వాలేదనుకున్న మొత్తమే లోపలికి తీసుకెళ్లండి. అది అయిపోతే లేవండి. దీని మీద సంపాదిస్తానని ఎవరైనా అంటే వాళ్ల పట్టిక ఏమిటో అడగండి.

ఒక్క మినహాయింపు. అమెరికాలో మూలవాసీ తెగలు నడిపే కొన్ని క్యాసినోల్లో వీడియో పోకర్ లాగే కనబడుతూ లోపల బింగో ఆడే మెషిన్లుంటాయి. 1988 నాటి చట్టం వాటిని రెండో తరగతి కింద లెక్కవేస్తుంది. తెర మూలన చిన్న బింగో కార్డు కనబడితే అదే. పైన చెప్పిన లెక్కలేవీ అక్కడ పనిచేయవు, మీరు ఏ ముక్క ఉంచారన్నదాన్ని బట్టి ఫలితం తేలదు.

జాక్స్ ఆర్ బెటర్ చేతికి అలవాటయ్యాక డ్యూసెస్ వైల్డ్ చూడండి. '2' అంకె ఉన్న ముక్కలు నాలుగూ అందులో జోకర్లు, రమ్మీవాళ్లకి నచ్చుతుంది. కానీ కొత్త కార్డుతో మొదటి నుంచి నేర్చుకోవాలి. జాకీల జతకి అక్కడ పైసా రాదు, మూడు ఒకే రకం ముక్కలతోనే చెల్లింపు మొదలవుతుంది. రెండుని మాత్రం ఎప్పుడూ పారేయకూడదు.