ముందు తేదీ, తర్వాత ట్రస్టీ

బ్రాంప్టన్,
2025 నవంబరు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు ఫోను పెట్టేసిన తర్వాత మీ పెద్దమ్మకూ నాకూ నిద్ర పట్టలేదు. ఇలాంటి సంగతులు ఫోనులో చెబితే సగం గాలికి పోతాయి. కాగితం మీద ఉంటే రెండుసార్లు చదువుకుంటావని రాస్తున్నాను.

"ఐపీ పెట్టాలా పెదనాన్నా?" అన్నావు. ఆ రెండక్షరాలు పలకడానికి నువ్వెంత నలిగిపోయావో నాకు వినిపించింది. మన తెనాలిలో ఐపీ పెట్టాడంటే చీటీల డబ్బు మింగి, రాత్రికి రాత్రి కొట్టుకు తాళం వేసి పోయినవాడని అర్థం. కెనడాలో అది కాదు. అప్పులో కూరుకుపోయిన మనిషి చట్టం ముందు లెక్కలు పెట్టి, కట్టగలిగింది కట్టి బయటపడే దారి ఇది. 2012లో నేనూ ఆ దారినే వెళ్లాను. కొట్టు మూసేశానని నీకు తెలుసు, ప్రపోజల్ వేశానని, అంటే అప్పులో కొంత భాగం నెలనెలా కడతాను, మిగతాది వదిలేయండని చట్టప్రకారం అప్పులవాళ్లతో ఒప్పందానికి వెళ్లానని, మీ నాన్నకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

నాది కొట్టు అప్పు, నీది చదువు అప్పు. రెండింటికీ చట్టం ఒకటే కానీ నీ దానికి ఒక మెలిక ఉంది. ప్రభుత్వం ఇచ్చిన స్టూడెంట్ లోను అయితే, నువ్వు విద్యార్థిగా ఉండటం మానేసి ఏడేళ్లు నిండాకే దివాలాలోనైనా, కన్స్యూమర్ ప్రపోజల్‌లోనైనా రద్దవుతుంది. ఏడేళ్లకు ఒక్క రోజు ముందు కాగితాలు వేసినా మిగతా అప్పులు పోతాయి, ఆ లోను మాత్రం తిరిగి నీ నెత్తినే కూర్చుంటుంది. కాగితాలు నడుస్తున్నన్నాళ్లు వసూలువాళ్లు నీ జోలికి రారు, అంతే. బ్యాంకు ఇచ్చిన స్టూడెంట్ క్రెడిట్ లైనుకు ఈ ఏడేళ్ల గొడవ లేదు, అది క్రెడిట్ కార్డు అప్పు లాంటిదే. నీ లెక్కలో 31,000 డాలర్లు ప్రభుత్వానివి, 9,000 బ్యాంకువి, 14,000 కార్డులవి. మూడూ ఒక మూటలో కట్టకు.

"2019 ఏప్రిల్‌లో కాలేజీ అయిపోయింది, వచ్చే ఏప్రిల్‌కు ఏడేళ్లు, ఐదు నెలలు ఓపిక పడితే చాలు" అన్నావు. అమ్మా, ఆ తర్వాత సాయంత్రం పూట ఒక కోర్సులో చేరావు గుర్తుందా? 2021 డిసెంబరులో మధ్యలో మానేశావు. పార్ట్‌టైం విద్యార్థి కూడా విద్యార్థే. ఈ ఏడాది ఏప్రిల్‌లో ఇక్కడి సుప్రీం కోర్టు ఈ సంగతి తేల్చింది: లోనుకో తేదీ ఉండదు, అన్నిటికీ ఒకటే తేదీ, అది నువ్వు చివరిసారి విద్యార్థిగా ఉన్న తేదీ. అంటే ఆ సాయంత్రం కోర్సు లెక్కలోకి వస్తే నీ ఏడేళ్లు 2026 ఏప్రిల్‌లో కాదు, 2028 డిసెంబరులో నిండుతాయి. ఐదేళ్లు దాటాక కోర్టుకు వెళ్లి, నిజాయితీగా ప్రయత్నించాను, ఇకముందు కూడా కట్టలేను అని నిరూపించి మినహాయింపు అడగవచ్చు. అది ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు.

ఈ కాగితాలు వేసి నడిపించే ట్రస్టీ సంగతికి ముందే ఇదంతా ఎందుకు చెప్పానంటే, మంచి ట్రస్టీని గుర్తుపట్టే గుర్తు ఇదే. కుర్చీలో కూర్చోగానే "చదువు ఎప్పుడు ఆపారు? ఆ తర్వాత ఏ కోర్సులోనైనా చేరారా?" అని అడిగినవాడు పని తెలిసినవాడు. నీ మొత్తం అప్పు కూడి, "నెలకు ఇంత కట్టండి, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నవాడి దగ్గర నుంచి మర్యాదగా లేచి వచ్చేయ్.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతాను, ఎందుకంటే నేను అక్కడే దెబ్బతిన్నాను. రేడియోలో ప్రకటన విని ఒక "అప్పుల సలహాదారు" దగ్గరకు వెళ్లాను. కోటు, టై, గోడ నిండా సర్టిఫికెట్లు. ముందుగా 1,200 డాలర్లు తీసుకున్నాడు. నెలన్నర తిప్పి తిప్పి చివరికి చేసిందేమిటంటే, నన్ను ఒక ట్రస్టీ దగ్గరకు పంపడం. ఆ ట్రస్టీ మొదటిసారి మాట్లాడటానికి ఎవరి దగ్గరా పైసా తీసుకోడు! దివాలా గానీ ప్రపోజల్ గానీ వేయగలిగేది లైసెన్స్‌డ్ ఇన్‌సాల్వెన్సీ ట్రస్టీ ఒక్కరే. లైసెన్సు ఇచ్చేది సూపరింటెండెంట్ ఆఫ్ బ్యాంక్రప్ట్సీ అనే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం. వాళ్ల వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఆ మనిషికి లైసెన్సు ఉందో లేదో తెలుస్తుంది. పేరు లేకపోతే ఎంత తియ్యగా మాట్లాడినా పైసా ఇవ్వకు.

ప్రపోజల్‌లో ట్రస్టీ రుసుము ఎంతన్నది కూడా ప్రభుత్వమే నిర్ణయించింది, నువ్వు నెలనెలా కట్టే సొమ్ములోంచే అది పోతుంది. అరవై నెలలు 300 చొప్పున కడితే 18,000. అందులో వాళ్ల వాటా పోగా మిగిలింది అప్పులవాళ్లు పంచుకుంటారు. కాబట్టి ఎవరు చవక అని బేరం ఆడే పని లేదు. ఒకరు నెలకు 250 అని, ఇంకొకరు 350 అని చెబితే 250 వైపు పరుగెత్తకు. ఒప్పుకోవాల్సింది అప్పులవాళ్లు, వాళ్లకు 45 రోజుల గడువు ఉంటుంది. ఆ 250కి వాళ్లు ఒప్పుకుంటారని ఎందుకు అనుకుంటున్నారో అడుగు. జవాబులోనే అనుభవం తెలిసిపోతుంది.

మనవాళ్లలోనే ఎవరైనా ఉన్నారేమో గుడిలో అడుగుతానని మీ పెద్దమ్మ అంది. వద్దన్నాను. వడ్డించేవాడు మనవాడైతే అనే సామెత ఈ విస్తరికి పనికిరాదు. ట్రస్టీ నీ లాయరు కాదు. కోర్టు తరఫు అధికారి, నీకూ అప్పులవాళ్లకూ మధ్య నిలబడేవాడు. నీ హక్కులు చెబుతాడు, వాళ్ల హక్కులూ కాపాడతాడు. తెలుగువాడైనా పంజాబీవాడైనా ఆ ధర్మం మారదు. మనవాడు కదా, చూసీ చూడనట్టు పోతాడులే అనుకుంటే అక్కడే కాలు జారుతుంది.

నాకు అలాగే జారబోయింది. నా ట్రస్టీ ఆఫీసు పళ్ల డాక్టరు క్లినిక్ మీద, రెండో అంతస్తులో చిన్న గది. ఆయన తెల్ల కాగితం మీద నిలువుగా గీత గీసి, ఎడమవైపు రాబడి, కుడివైపు అప్పులు రాసుకుంటూ పోయాడు. చివర తలెత్తకుండా "ఇండియాలో ఏమైనా ఉందా?" అన్నాడు. నేను "ఏమీ లేదు" అన్నాను. బల్ల కింద మీ పెద్దమ్మ నా కాలు తొక్కింది. ఆయన పెన్ను మూత పెట్టి, బల్ల మీద ఉంచి, నా వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపో తెలియదు, నాకు గంటలా అనిపించింది. గుంటూరులో నా పేరున ఇళ్ల స్థలం ఉందని చెప్పాను. పెన్ను మూత తీసి రాసుకున్నాడు. దానివల్ల నా నెల కిస్తీ పెరిగింది, నిజమే. కానీ ఆ స్థలం ఈ రోజుకీ నాదే. దాచి ఉంటే, తర్వాత బయటపడితే పరిస్థితి ఏమిటో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తాతగారి పొలంలో మీ నాన్న నీ పేరున రాసిన అరెకరం సంగతి అందుకే గుర్తుచేస్తున్నాను. ఆస్తి ఎక్కడున్నా ఆస్తే, చెప్పాల్సిందే. ఇప్పుడు గబగబా తమ్ముడి పేరుకు మార్చేద్దామని మీ నాన్న అంటాడు, నాకు మా తమ్ముడి బుర్ర తెలుసు. అస్సలు ఒప్పుకోకు. అయినవాళ్ల పేరుకు ఊరికే రాసిచ్చిన ఆస్తిని ఐదేళ్ల వరకు వెనక్కి వెళ్లి తిరగదోడమని కోర్టును అడిగే అధికారం ట్రస్టీకి ఉంది.

నీ తమ్ముడి లోను గొడవ కూడా ఇందులో కలపకు. అది ఇండియాలో బ్యాంకు లోను, మీ నాన్న హామీ సంతకం ఉంది, ఇల్లు తాకట్టులో ఉంది. వాడు రేపు ఇక్కడ ఏ కాగితం వేసినా మీ నాన్న సంతకం చెరిగిపోదు.

అమ్మానాన్నలను స్పాన్సర్ చేసి తెచ్చుకోవాలని నీకు ఉంది కదా? దివాలా తీసి, దాని నుంచి చట్టప్రకారం ఇంకా విడుదల కాని మనిషి ఎవరినీ స్పాన్సర్ చేయడానికి లేదు. మొదటిసారి దివాలా తొమ్మిది నెలల్లో ముగియవచ్చు, రాబడి పరిమితి దాటితే 21 నెలలు పడుతుంది. ప్రపోజల్‌కు ఆ అడ్డంకి లేదు. దివాలా, ప్రపోజల్ రెండింటికీ తేడా చెప్పమని ట్రస్టీని అడిగినప్పుడు ఈ స్పాన్సర్ సంగతి నువ్వే ఎత్తు, వాళ్లకు నీ మనసులో ఏముందో తెలియదు కదా.

ఇంకొక్క పరీక్ష ఉంది. తనకు డాలరు కూడా రాని దారిని ట్రస్టీ నీకు చూపిస్తాడా? నీకు అలాంటి దారి ఉంది. ప్రభుత్వ లోనుకు రీపేమెంట్ అసిస్టెన్స్ ప్లాన్ అని ఒకటుంది. ఒంటరి మనిషికి ఏడాది రాబడి 40,000 డాలర్ల లోపు ఉంటే నెలకు కట్టాల్సింది సున్నా. నీ జీతం 38,000 అన్నావు. ఆరు నెలలకోసారి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, మరిచిపోతే కిస్తీ మళ్లీ మొదలవుతుంది. లోను ఇప్పటికే వసూళ్లకు వెళ్లిపోయి ఉంటే ముందు దాన్ని దారికి తెచ్చుకోవాలి. ఆ లోనులో ఫెడరల్ వాటా, అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన భాగం మీద 2023 ఏప్రిల్ 1 నుంచి వడ్డీ కూడా లేదు. ఆ 31,000 అలా ఊపిరి పీల్చుకుంటే, నిన్ను నిజంగా పీడిస్తున్నది కార్డులూ బ్యాంకూ, 23,000. దానికి ప్రపోజల్ కావాలా, ఇంకేదైనా సర్దుబాటు చాలునా అన్నది వేరే లెక్క. ఈ మాట నువ్వు అడగకుండా తనంతట తాను చెప్పిన ట్రస్టీ దొరికితే ఇక వెతకడం ఆపేయ్.

కనీసం ఇద్దరిని కలువు, ముగ్గురైనా మంచిదే. మొదటి మాటకు ఎవరూ డబ్బు అడగరు. సంతకం పెట్టేముందు, రేపటి నుంచి నీ ఫోను ఎత్తేది ట్రస్టీయా, వాళ్ల దగ్గర పనిచేసే గుమాస్తానా అడుగు. గుమాస్తా అయినా తప్పులేదు, కానీ ఐదేళ్లు మాట్లాడాల్సిన మనిషి, ఒకసారి ముఖం చూడు. నా ప్రపోజల్ ఐదేళ్లలో ఒక శీతాకాలం ఉద్యోగం పోయి రెండు కిస్తీలు తప్పాయి. మూడు తప్పితే ప్రపోజల్ మొత్తం రద్దు. అప్పుడు నన్ను గట్టెక్కించింది ఆ ఆఫీసులో పనిచేసే ఒక పోర్చుగీసు ఆవిడ. తానే ఫోను చేసి, ఏమైందని అడిగి, ప్రపోజల్ సవరించుకోవచ్చని చెప్పింది.

సోమవారం పొద్దున్నే నేషనల్ స్టూడెంట్ లోన్స్ సర్వీస్ సెంటర్‌కు ఫోను చేయి. వాళ్ల రికార్డులో నీ చదువు ముగిసిన తేదీ ఏమని ఉందో కాగితం మీద పంపమను. కాలేజీ నుంచి కూడా అదే తేదీ రాయించుకో. ఆ రెండు కాగితాలూ చేతిలో లేకుండా ఏ ట్రస్టీ మెట్లూ ఎక్కకు.

వచ్చిన ఉత్తరాలు చింపకుండా డ్రాయరులో పడేశానన్నావు. అలాగే ఉండనీ. శనివారం మేమిద్దరం వస్తున్నాం. పెద్దమ్మ గోంగూర పచ్చడి పట్టి ఉంచింది. భోజనం చేశాక బల్ల తుడిచి, ఒక్కొక్కటిగా చింపి చూద్దాం.

మీ
పెదనాన్న