నంబర్లు వేసే పనిలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: డిగ్రీ అయ్యాక ఒక డిజిటల్ ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ ట్రైనీగా చేరాను. డిజైనర్ కావాలన్నది నా కోరిక. కానీ ఇక్కడ రోజూ కూపన్లకు, టికెట్లకు, రసీదు పుస్తకాలకు వరుస నంబర్లు పెట్టే పనే ఇస్తున్నారు. ఈమధ్య 2000 టికెట్లను షీటుకు నాలుగు చొప్పున పెట్టి ప్రింట్‌కి ఇచ్చాను. కటింగ్ అయ్యాక చూస్తే వరుసంతా తప్పింది. అందరూ కూర్చుని చేత్తో సర్దాల్సి వచ్చింది. అప్పటి నుంచి నంబరింగ్ జాబ్ అంటేనే టెన్షన్. ఈ పని నేర్చుకుంటే ముందు ముందు పనికొస్తుందా? మానేసి డిజైన్ కోర్సులో చేరితే మంచిదా? ఇంట్లోవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు.

జవాబు: మానేయకండి. ఎందుకో చెప్పే ముందు మీ టెన్షన్ తీరాలి. అది తీరకుండా కెరీర్ గురించి ఎన్ని చెప్పినా చెవికెక్కవు. అందుకని ఆ 2000 టికెట్ల దగ్గరే మొదలుపెడదాం.

మీరు మొదటి షీటులో 1, 2, 3, 4 పెట్టి ఉంటారు. రెండో షీటులో 5, 6, 7, 8. స్క్రీన్ మీద చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. కానీ కటింగ్ మెషిన్ ఒక్కో షీటును విడిగా కోయదు. 500 షీట్ల దొంతరను ఒక్కసారే కోస్తుంది. అప్పుడు నాలుగు కట్టలు వస్తాయి. మొదటి కట్టలో 1, 5, 9, 13. రెండో కట్టలో 2, 6, 10, 14. ప్రతి కట్టలోనూ నాలుగేసి నంబర్ల చొప్పున గెంతుతూ పోతుంది. మీ అందరితో చేత్తో సర్దించింది ఇదే.

దీనికి ప్రెస్‌లలో వాడే పద్ధతి పేరు కట్ అండ్ స్టాక్. 2000 టికెట్లు, షీటుకు నాలుగు అంటే 500 షీట్లు. కాబట్టి షీటులో మొదటి స్థానానికి 1 నుంచి 500, రెండో స్థానానికి 501 నుంచి 1000, మూడోదానికి 1001 నుంచి 1500, నాలుగోదానికి 1501 నుంచి 2000 ఇవ్వాలి. మొదటి షీటు మీద 1, 501, 1001, 1501 పడతాయి. రెండో షీటు మీద 2, 502, 1002, 1502. చూడ్డానికి గందరగోళంగా ఉంటుంది. కోశాక మాత్రం నాలుగు కట్టలూ దేనికది వరుసలో ఉంటాయి. ఒకదాని కింద ఒకటి పెట్టేస్తే 1 నుంచి 2000 దాకా పని పూర్తి.

దీన్ని ఎక్సెల్‌లో చేయడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. షీటుకు ఒక వరుస, స్థానానికి ఒక కాలమ్ పెట్టుకోండి. నాలుగు కాలమ్‌ల మొదటి వరుసలో 1, 501, 1001, 1501 రాసి, వాటిని 500 వరుసల దాకా కిందికి పెంచుకుంటూ పోండి. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో నాలుగు టికెట్లూ ఉన్న పేజీ తయారుచేసి, ఒక్కో టికెట్‌లో ఒక్కో కాలమ్ ఫీల్డ్ పెట్టి, పేజీకి ఒక రికార్డ్ (ఎక్సెల్‌లో ఒక వరుస) చొప్పున డేటా మెర్జ్ చేయండి, అంటే ఆ నంబర్లను పేజీల్లో వాటంతట అవే నింపించండి. కౌంటర్‌ఫాయిల్ (ఇచ్చినవాళ్ల దగ్గర మిగిలే ముక్క) ఉంటే అదే ఫీల్డ్‌ను అక్కడ కూడా పెట్టండి, చేత్తో రెండోసారి టైప్ చేయొద్దు. డేటా మెర్జ్‌లో ఒక పేజీకి ఎక్కువ రికార్డులు పెట్టే ఆప్షన్ కూడా ఉంది. అది డేటా ఏ వరుసలో ఉంటే ఆ వరుసలోనే పక్కపక్కన నింపుకుంటూ పోతుంది. మీ జాబ్ దెబ్బతిన్నది బహుశా అక్కడే. ఆ ఆప్షనే వాడాలంటే డేటాను ముందుగా 1, 501, 1001, 1501, 2, 502 అనే వరుసలో పేర్చి ఇవ్వాలి.

ఇక సున్నాల సంగతి. టికెట్ మీద 000001 అని రావాల్సింది 1 అని వస్తుంది. ఎక్సెల్ దాన్ని సంఖ్యగా తీసుకుని ముందున్న సున్నాలు తీసేస్తుంది. నంబర్ల కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టుకోవాలి, లేదా టెక్స్ట్ ఫార్ములాతో ఆరంకెలుగా మార్చుకోవాలి. అలా మార్చి సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేశాక, ఒకసారి చూద్దామని ఆ ఫైలును మళ్లీ ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచి సేవ్ చేస్తే సున్నాలు మళ్లీ పోతాయి. సీఎస్‌వీని చూడాలంటే నోట్‌ప్యాడ్‌లో చూడండి. ఇంకో ప్రమాదం దీనికన్నా పెద్దది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల కార్డ్ నంబర్‌ను సంఖ్యగా పెడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు. వేల కార్డులు తప్పు నంబర్‌తో అచ్చయ్యాక గానీ బయటపడదు.

లెక్క ఎప్పుడూ ఇంత చక్కగా తెగదు. అవే 2000 టికెట్లు షీటుకు ఆరు పడితే 334 షీట్లు కావాలి. అంటే 2004 స్థానాలు. ఆ మిగిలిన నాలుగు స్థానాలను ఖాళీగా వదలండి. ఊరికే ఉన్నాయి కదా అని 2001 నుంచి 2004 దాకా వేసేస్తే, ఎవరి లెక్కలోనూ లేని నాలుగు టికెట్లు బయటికి వెళ్లినట్టే. అవే రసీదు పుస్తకాలై, పుస్తకానికి 50 నంబర్లు అనుకోండి, 334 పనికిరాదు, పుస్తకం మధ్యలో కట్ట మారిపోతుంది. షీట్ల సంఖ్యను 350కి పెంచండి. ఒక్కో కట్టలో సరిగ్గా ఏడు పుస్తకాలు వస్తాయి. అయిదు కట్టలకు 35, ఆరో కట్టలో 1751 నుంచి 2000 దాకా అయిదు పుస్తకాలు, మొత్తం 40. ఆరో కట్టలో చివర 100 స్థానాలు ఖాళీ పోతాయి. ఆ కాగితం ఖర్చు బైండింగ్‌లో పడే తిప్పలతో పోలిస్తే తక్కువే. ఒరిజినల్, డూప్లికేట్, ట్రిప్లికేట్ ఉంటే మూడింటికీ ఒకే డేటా ఫైలు వాడాలని వేరే చెప్పక్కర్లేదు.

20,000 టికెట్ల జాబ్ వస్తే 5000 షీట్లను ఒకే దొంతరగా లెక్కేయకండి. 500 షీట్ల లాట్లుగా విడగొట్టండి. మొదటి లాట్ 1 నుంచి 2000, రెండోది 2001 నుంచి 4000. కోసేవాళ్లకు సులువు, ఏదైనా తేడా వచ్చినా ఆ లాట్‌తో ఆగిపోతుంది.

మెషిన్‌లో పేపర్ జామ్ అయినప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. మీ 2000 టికెట్ల జాబ్‌లో 137వ షీటు నలిగిపోయిందనుకుందాం. పోయినవి 137, 637, 1137, 1637. ఆ ఒక్క షీటే మళ్లీ తీసి దాని చోట పెట్టాలి. ఏ షీటు పోయిందో తెలియాలంటే, కోసేటప్పుడు పోయే అంచులో షీట్ నంబర్‌ను చిన్నగా ఇంకో ఫీల్డ్‌గా పెట్టుకోండి. ఇది చేసిన ప్రెస్‌కీ చేయని ప్రెస్‌కీ తేడా జామ్ అయిన రోజు కనిపిస్తుంది. కొన్ని మెషిన్లు జామ్ తర్వాత ఒకటి రెండు పేజీలను వాటంతట అవే మళ్లీ తీస్తాయి. అప్పుడు ఒకే నంబర్ రెండుసార్లు పడొచ్చు. నలిగిన షీటును పక్కన పెట్టకండి, చింపి రిజిస్టర్‌లో రాసేయండి. తర్వాత ఎవరో అది బాగానే ఉందనుకుని కట్టలో కలిపేస్తే డూప్లికేట్ టికెట్ పుట్టినట్టే. షీట్లు అచ్చు పైకి పడుతున్నాయా, కిందికి పడుతున్నాయా అన్నది కూడా ముందే చూసుకోండి. అచ్చు పైకి పడే మెషిన్ అయితే చివరి షీటు పైన ఉంటుంది. అలాంటప్పుడు ఫైలును చివరి పేజీ నుంచి ప్రింట్‌కి ఇవ్వాలి.

మొత్తం రన్ ఇచ్చే ముందు పది షీట్లు తీసి, కోయించి, కట్టలు ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. మొదటి కట్టలో 1 నుంచి 10, రెండో కట్టలో 501 నుంచి 510 వస్తే ఇక భయం లేదు. పీడీఎఫ్‌లో చివరి పేజీ కూడా తెరవండి. దాని మీద 500, 1000, 1500, 2000 ఉండాలి. ఈ రెండూ చూసుకునే అలవాటు పడితే మీ టెన్షన్ చాలావరకు పోతుంది.

ఇప్పుడు మీరడిగిన భవిష్యత్తు గురించి. ఉన్నమాట చెబుతాను. ఒకటి నుంచి వెయ్యి దాకా వరుస నంబర్లు వేయడం మాత్రమే వస్తే అది కెరీర్ కాదు. కోరల్‌డ్రాలో ప్రింట్ మెర్జ్ ఉంది, ప్రెస్ సాఫ్ట్‌వేర్లలో నంబరింగ్ టూల్స్ ఉన్నాయి, ఎవరైనా కొద్ది రోజుల్లో నేర్చుకుంటారు. కానీ ఈ పని చేస్తూ మీకు తెలియకుండానే వేరియబుల్ డేటా ప్రింటింగ్ గుమ్మంలో నిలబడ్డారు. ప్రతి కాపీ వేరుగా ఉండే అచ్చుపని అది: బిల్లులు, చెక్కులు, హాల్ టికెట్లు, ఐడీ కార్డులు, గిఫ్ట్ కార్డులు, మందుల పెట్టెలు. దీనికోసమే 2010లో పీడీఎఫ్/వీటీ అనే ప్రమాణం వచ్చింది, ఐఎస్ఓ 16612-2 అంటారు. ఇక్కడ కావాల్సింది ఒక్క అంకె తప్పినా పట్టుకోగల మనిషి. అందమైన లేఅవుట్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. డేటా, ప్రింటింగ్ రెండూ అర్థమయ్యేవాళ్లు తక్కువ.

మందుల పెట్టెలనే చూడండి. యూరోపియన్ యూనియన్‌లో 2019 ఫిబ్రవరి 9 నుంచి చాలావరకు ప్రిస్క్రిప్షన్ మందుల పెట్టెల మీద డేటా మ్యాట్రిక్స్ అనే చదరపు గళ్ల కోడ్ తప్పనిసరి అయింది. అందులో ఉత్పత్తి కోడ్, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీతో పాటు ప్రతి పెట్టెకూ వేరే సీరియల్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్ 20 అక్షరాలకు మించకూడదు. వరుసగా కూడా ఉండకూడదు. ఒకటి చూసి పక్కది ఊహించే అవకాశం ఇవ్వకుండా ర్యాండమ్‌గా తయారుచేయాలి, ఎవరైనా ఊహించి కొట్టే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువ ఉండాలి. నకిలీ మందులను అడ్డుకోవడానికి పెట్టిన నియమం ఇది. రోగి చేతికి వెళ్లే పెట్టె అసలుదా కాదా అన్నది తేలేది ఆ నంబర్ మీదే. మీరు చిన్నదనుకుంటున్న పని అక్కడిదాకా వెళ్తుంది.

మీ ప్రెస్‌కి వచ్చే డిస్కౌంట్ కూపన్లకూ ఇదే వర్తిస్తుంది. 1001 చూసినవాడికి 1002 తెలిసిపోతుంది. అందుకే అలాంటి జాబ్‌లో రెండు నంబర్లు వేయాలి. లెక్క కోసం వరుస నంబర్ ఒకటి, వాడుకునేటప్పుడు కొట్టే ర్యాండమ్ కోడ్ ఒకటి. ఆ కోడ్‌లో సున్నా, ఓ అక్షరం రెండూ రాకుండా చూడాలి, జనం ఒకదానికొకటి పొరబడతారు. చివర ఒక చెక్ డిజిట్, అంటే నంబర్ తప్పుగా కొడితే పట్టించే అదనపు అంకె ఉంటే ఇంకా మంచిది. ఐబీఎంలో పనిచేసిన హన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంట్ కోసం దాఖలు చేసిన పద్ధతినే ఇవాళ్టికీ క్రెడిట్ కార్డ్ నంబర్లలో వాడుతున్నారు. కుడి చివర ఉండే చెక్ డిజిట్‌ను వదిలి, దాని పక్క అంకెతో మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి అంకెను రెట్టింపు చేస్తారు, రెండంకెలు వస్తే వాటిని కూడి ఒకటి చేస్తారు, చెక్ డిజిట్‌తో సహా అన్నిటినీ కూడితే వచ్చే మొత్తం పదితో తెగాలి. 2041కి ఈ లెక్కన చెక్ డిజిట్ 2, కాబట్టి పూర్తి నంబర్ 20412. ఎవరైనా పొరపాటున 20142 అని కొడితే మొత్తం 13 వస్తుంది, పదితో తెగదు, తప్పని తెలిసిపోతుంది. ఈ లెక్కను మీరే ఎక్సెల్‌లో కట్టి చూడండి. కోర్సు అక్కర్లేదు, ఒక సాయంత్రం చాలు.

ఏది ముందు నేర్చుకోవాలంటే, నా దృష్టిలో ఎక్సెల్ ముందు. డూప్లికేట్లు పట్టుకోవడం, సార్టింగ్, లుకప్ ఫార్ములాలు బాగా రావాలి. ఆ తర్వాత బార్‌కోడ్‌లు: కోడ్ 128, క్యూఆర్, డేటా మ్యాట్రిక్స్. వాటి చుట్టూ ఎంత ఖాళీ వదలాలో, ఎంత చిన్నగా వేస్తే స్కాన్ కాదో మీ మెషిన్ మీదే అచ్చేసి తెలుసుకోండి. స్కాన్ చేయకుండా ఏ బార్‌కోడ్ జాబ్‌నూ పాస్ చేయొద్దు. పైథాన్ కొంచెం వస్తే లక్ష రికార్డుల ఫైలును నిమిషాల్లో చెక్ చేసుకోవచ్చు. ప్రోగ్రామర్ అయిపోవాలని కాదు, ఫైలు చదవడం, లెక్కపెట్టడం, తప్పులు చూపించడం వస్తే చాలు. వీటన్నిటికంటే ముందు మాత్రం మీ యజమానిని అడిగి కొన్నాళ్లు కటింగ్, బైండింగ్ దగ్గర నిలబడండి. అక్కడ పనిచేసేవాళ్లు కాగితం ఎటు తిప్పుతారో చూసినవాళ్లకు వరుస తప్పదు.

బిల్లులు, కార్డుల జాబ్‌లు వచ్చినప్పుడు మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు మీ చేతికి వస్తాయి. వాటిని ఇంటికి తీసుకెళ్లకండి, వాట్సాప్‌లో పంపకండి, పని అయ్యాక ప్రెస్ నియమం ప్రకారం తీసేయండి. ఇంటర్వ్యూలో చూపించే నమూనాలకు ఉత్తుత్తి డేటా వాడండి. ఈ రంగంలో ఈ జాగ్రత్త చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లున్నారు, లేదని తీసేసేవాళ్లూ ఉన్నారు.

డిజైన్ కోరికను చంపుకోమని నేను అనడం లేదు. ఉద్యోగం మానకుండా సాయంత్రం కోర్సులోనో, ఆన్‌లైన్‌లోనో చేరండి. అందులోనూ టైపోగ్రఫీ, ప్యాకేజింగ్ డిజైన్ ఎంచుకుంటే ఇక్కడ నేర్చుకున్నది అక్కడ కలిసొస్తుంది. ఒక ఏడాది ఇలా చేశాక ప్రీప్రెస్ ఆపరేటర్ (అచ్చుకు ముందు ఫైళ్లు సిద్ధం చేసేవాళ్లు), వేరియబుల్ డేటా ఆపరేటర్ పోస్టులకు, లేబుల్, ప్యాకేజింగ్, సెక్యూరిటీ ప్రింటింగ్ సంస్థలకు అప్లై చేయండి. అప్పటికీ మనసు డిజైన్ వైపే లాగితే నిక్షేపంగా వెళ్లండి. ఇంట్లోవాళ్లకు ఈ ఏడాది ప్లాన్‌ను కాగితం మీద రాసి చూపించండి. జీతం గురించి అడిగితే, ప్రస్తుత ప్రెస్‌లోనే నంబరింగ్ జాబ్‌ల పూర్తి బాధ్యత మీరు తీసుకుని, ఆరు నెలల రిజిస్టర్‌తో వెళ్లి పెంపు అడగబోతున్నానని చెప్పండి. ఆ రిజిస్టర్‌లో ప్రతి జాబ్‌కూ మొదటి నంబర్, చివరి నంబర్, ఎన్ని అంకెలు, షీటుకు ఎన్ని, ఎన్ని లాట్లు, ఏ షీట్లు పోయాయి, ఎవరు చెక్ చేశారు అన్నవి ఉండాలి. రేపు వచ్చే జాబ్ నుంచే రాయడం మొదలుపెట్టండి.