గెలిచిన రాత్రి రేటింగులు వేయకు

చి. కిరణ్‌కి,

బాబాయి ఆశీస్సులు. ఈ సీజన్‌లో ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్)లో మన వెస్టర్న్ బుల్‌డాగ్స్ గెలిచిన ప్రతి ఆటకీ ఆటగాళ్లకి పదికి ఇన్ని అని రేటింగులు రాసే పని మీ అభిమానుల గ్రూపు కుర్రాళ్లంతా నీ నెత్తిన పెట్టారని, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. ఓడిన ఆటకి రాయడం తేలికరా. ఎవడు చెడగొట్టాడో అందరికీ కనబడుతుంది. చిక్కంతా గెలిచినప్పుడే. సైరన్ మోగి క్లబ్బు పాట అందుకునేసరికి 23 మందీ బాగానే ఆడారనిపిస్తుంది. ఆ ఊపులో వేస్తే అందరికీ ఏడున్నరే. అలాంటి పట్టిక ఎవరికీ పనికిరాదు.

అందుకని ఆట జరిగిన రాత్రి అంకెలు వేయకు. ఆ రాత్రికి నీ దగ్గర ఉండాల్సింది నోట్సు మాత్రమే. ప్రతి క్వార్టర్ విరామంలో మూడు ముక్కలు రాసిపెట్టుకో: ఎవరు ఎవరి మీద ఆడుతున్నారు, సెంటర్‌లో బంతి వేసినప్పుడు మనవాళ్లు ఏ నలుగురు ఉన్నారు, ఎవడు పరుగు ఆపేశాడు. ఆ పని అయ్యేదాకా ఫోన్లో గణాంకాలు తెరవకు. అంకె ముందు చూస్తే, కళ్లు ఆ అంకెకి సాక్ష్యాలు వెతకడం మొదలుపెడతాయి. మార్వెల్ స్టేడియంకి వెళ్తే గోల్ వెనక, పై అంతస్తులో కూర్చో. సైడ్‌లో కింద కూర్చుంటే ఒంటి మీద పడే ఢీలు బాగా కనబడతాయి గానీ ఆట ఆకారం కనబడదు. టీవీ అయితే బంతి చుట్టూ ఉన్న కాస్త మేరే చూపిస్తుంది. బంతికి 60 మీటర్ల దూరంలో వింగర్ (మైదానం పక్క అంచున ఆడేవాడు) తన వెడల్పు వదిలి లోపలికి వచ్చేశాడా లేదా అన్నది టీవీలో ఎప్పటికీ తెలియదు.

మర్నాడు రీప్లే చూసేటప్పుడు మొత్తం ఆట అక్కర్లేదు. మనకి పడిన ప్రతి గోల్‌కీ, మనమీద పడిన ప్రతి గోల్‌కీ 30 సెకన్లు వెనక్కి జరిపి చూడు. బంతి ఎక్కడ చేతులు మారింది, ఎవడి ఒత్తిడికి మారింది, ఎవడు తన మనిషిని వదిలేశాడు అన్నవి దొరుకుతాయి. ఇదే అసలు పని.

ఒక్కొక్కడి దగ్గరికి వెళ్లే ముందు గెలుపు ఎలా వచ్చిందో తేల్చుకో. స్కోరు ఒక్కటే చూడకు, గోల్స్ (ఒక్కోటి 6 పాయింట్లు), బిహైండ్స్ (గోల్ కాస్తలో తప్పి పక్కకి పోయినవి, ఒక్కోటి 1) విడదీసి చూడు. 2023 గ్రాండ్ ఫైనల్‌లో కాలింగ్‌వుడ్ 12.18తో (12 గోల్స్, 18 బిహైండ్స్) 90, బ్రిస్బేన్ 13.8తో 86. ఓడిన జట్టే ఒక గోల్ ఎక్కువ కొట్టింది. నాలుగు పాయింట్ల తేడా చూసి అదృష్టం అనేయొచ్చు. కానీ గోల్స్, బిహైండ్స్ కలిపి స్కోరింగ్ షాట్లు 30కి 21. అంటే కాలింగ్‌వుడ్ మిడ్‌ఫీల్డ్, డిఫెన్స్ బంతిని కావలసినన్నిసార్లు ముందుకు పంపాయి, గోల్ ముందు కాళ్లే తడబడ్డాయి. ఇలాంటి ఆటలో మిడ్‌ఫీల్డర్లకి పెంచి ఫార్వర్డ్‌లకి తగ్గించాలి. అదే 60 పాయింట్ల తేడాతో గెలిచినా, షాట్లు సమానంగా ఉండి అవతలివాళ్లు గోల్ ముందు వృథా చేశారనుకో, మన డిఫెన్స్‌కి ఎనిమిదులు వేయకు. తర్వాత గోల్స్ ఎలా పుట్టాయో చూడు. సగానికి పైగా వాళ్ల చేతిలోంచి లాక్కున్న బంతులతో వచ్చాయంటే, ఆ ఘనతలో పెద్ద వాటా బంతి లాక్కున్నవాళ్లది. క్లియరెన్సుల నుంచి, అంటే పైకి వేసిన బంతిని గుంపులోంచి బయటికి తీసినవాటి నుంచి వచ్చాయంటే రక్‌ది (ఆ బంతికి ఎగిరే పొడుగువాడిది), అతని కాళ్ల దగ్గర కాచుకున్నవాళ్లది.

ఇప్పుడు గణాంకాల సంగతి. అవి అబద్ధం చెప్పవు గానీ దేన్ని లెక్కపెడుతున్నాయో తెలియకపోతే దారి తప్పిస్తాయి. డిస్పోజల్ ఎఫిషియెన్సీ చూడు, అంటే బంతిని తన్ని గానీ చేత్తో గుద్ది గానీ పంపినవాటిలో (డిస్పోజల్స్) సరిగ్గా చేరినవాటి శాతం. పొట్టి కిక్ అయితే అనుకున్న మనిషికి అందాలి. కానీ 40 మీటర్లు దాటిన కిక్, కనీసం సగం సగం అవకాశమున్న గుంపు మీద పడినా 'సఫలం' కిందే రాస్తారు. అంటే తల ఎత్తి చూడకుండా ముందుకి బాదినవాడి శాతం కూడా బాగానే కనిపిస్తుంది. వెనక లైన్లో ఒత్తిడి లేకుండా పక్కవాడికి తిప్పేవాడికి 90 శాతం రావడం వింత కాదు. నలుగురి మధ్య నేలమీద బంతి తీసి హ్యాండ్‌బాల్ చేసేవాడికి (పిడికిలితో గుద్ది అందించేవాడికి) 65 వస్తే అది మంచి పనే. ఈ రెండు శాతాలనీ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు మీ గ్రూపులో తప్పకుండా ఉంటారు. వాళ్లని అడుగు: ఎన్ని కంటెస్టెడ్ (పోటీపడి గెలుచుకున్నవి), ఎన్ని అన్‌కంటెస్టెడ్ (పోటీ లేకుండా వచ్చినవి)?

ఫ్యాంటసీ పాయింట్లని రేటింగ్ అనుకునే జబ్బు ఇంకా పెద్దది. ఏఎఫ్ఎల్ ఫ్యాంటసీలో (అసలు ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టుకునే ఆట) కిక్‌కి 3, మార్క్‌కి (తన్నిన బంతిని గాల్లోనే పడితే) 3, హ్యాండ్‌బాల్‌కి 2, ట్యాకిల్‌కి (బంతి ఉన్నవాడిని పట్టి ఆపితే) 4, గోల్‌కి 6, హిటౌట్‌కి (రక్ బంతిని తట్టి పంపితే) 1. ఫ్రీ కిక్ ఇచ్చేస్తే 3 పోతాయి. స్పాయిల్‌కి (అవతలివాడు పట్టకుండా బంతిని గుద్దేస్తే) సున్నా. బంతిని నేరుగా అవతలివాడి గుండెల మీదకి తన్నినా కిక్‌కి 3 వస్తాయి, శిక్ష లేదు. దాంతో వెనక లైన్లో తీరిగ్గా మార్క్ పట్టి పక్కకి తన్నిన ప్రతిసారీ 6 పాయింట్లు, గోల్‌కి ఇచ్చేటన్ని. సూపర్‌కోచ్ అనే ఇంకో ఫ్యాంటసీ ఆట కొంత నయం, నాణ్యతని లెక్కలోకి తీసుకుంటుంది. అయితే అక్కడ ఒక్కో ఆటకి రెండు జట్లకీ కలిపి 3300 పాయింట్లే పంచుతారు. చప్పటి ఆటలో వచ్చిన 110నీ, హోరాహోరీ ఆటలో వచ్చిన 110నీ ఒకే తూకం వేయకు.

2016 గ్రాండ్ ఫైనల్ మన క్లబ్బు వాళ్లందరికీ కంఠతా వచ్చు కాబట్టి దాన్నే తీసుకో. సిడ్నీ మీద 89–67. 1954 తర్వాత మనకి మొదటి ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్). గ్రాండ్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ మన జేసన్ జొహానిసెన్‌కి వెళ్లింది, డిస్పోజల్స్ 33. వెనక నుంచి పరుగెత్తి ఆటని తెరిచాడు, అతనికి ఇవ్వడం తప్పని నేననను. కానీ మన ఫార్వర్డ్ టామ్ బాయిడ్ డిస్పోజల్స్ 14. ఆ అంకె మాత్రమే చూసేవాడు ఆరు వేసి ఊరుకుంటాడు. అందులో 8 మార్కులు, 3 గోల్స్ ఉన్నాయి. పొడవుగా తన్నిన బంతికి ముందర ఒక మనిషి నిలబడి ఉన్నాడన్న నమ్మకం జట్టుకి ఇచ్చాడు. నా లెక్కలో ఇద్దరూ తొమ్మిదే.

ఇక ఆఖరి క్వార్టర్‌లో బాయిడ్ దూరం నుంచి కొట్టిన ఆ గోల్‌ని 30 సెకన్లు వెనక్కి జరుపు. మన డిఫెండర్ డేల్ మోరిస్ తన స్థానం వదిలి ముందుకొచ్చి సిడ్నీ ఫార్వర్డ్ లాన్స్ ఫ్రాంక్లిన్‌ని పట్టి పడేశాడు, బంతి జారింది, అది బాయిడ్ చేతికి చిక్కింది. మోరిస్ పేరు పక్కన చేరింది ఒక ట్యాకిల్. బాయిడ్ పేరు పక్కన గోల్. క్రికెట్లో ఒక ఎండ్ నుంచి బిగించి మెయిడెన్లు వేసినవాడు ఒకడైతే, రెండో ఎండ్‌లో వికెట్ తీసినవాడి పేరు స్కోరుకార్డుకెక్కడం మనకి కొత్త కాదుగా, ఇదీ అంతే. మోరిస్ ముందుకి రావాలా, ఆగాలా అని నిర్ణయించుకోవడానికి దొరికింది ఒక క్షణం. ఆలస్యమైతే ఫ్రాంక్లిన్ ముందు ఖాళీ మైదానం. ఆ నిర్ణయానికి నువ్వు రేటింగ్ వేయాలి.

2018 గ్రాండ్ ఫైనల్‌లో కాలింగ్‌వుడ్ మీద వెస్ట్ కోస్ట్ 79–74తో గెలిచిన గోల్ కూడా ఇలాగే చూడదగ్గది. డామ్ షీడ్ బౌండరీ పక్కనుంచి కొట్టాడని లోకమంతా గుర్తుపెట్టుకుంది. దానికి ముందు జెరెమీ మెక్‌గవర్న్ వెనక లైన్లో అడ్డుపడి పట్టిన మార్క్, అక్కణ్ణుంచి వార్డీ, లియమ్ రయన్ చేతుల మీదుగా షీడ్‌కి. షీడ్ పట్టేటప్పుడు విల్లీ రియోలీ వేసిన అడ్డు కూడా ఉంది, అది ఫ్రీ కిక్ అని కాలింగ్‌వుడ్ వాళ్లు ఇప్పటికీ గొడవపడతారనుకో.

ఇక ఒక్కో స్థానం. రక్‌కి హిటౌట్ల మొత్తం చూడకు, అందులో మనవాడి చేతిలో పడినవెన్నో చూడు. మామూలుగా మూడింట ఒకటి దాటితే బాగా చేసినట్టు. 40 హిటౌట్లు కొట్టి, వాళ్ల మిడ్‌ఫీల్డర్‌కి అందించినవాడి కంటే 18 కొట్టి, బంతి కింద పడ్డాక ట్యాకిల్ చేసేవాడు మేలు. కీ డిఫెండర్‌కి (అవతలి పొడుగు ఫార్వర్డ్‌ని కాచేవాడికి) 'వాడి మీద నాలుగు గోల్స్ పడ్డాయి' అని రాసేముందు ఆ బంతులు ఎలా వచ్చాయో చూడు. సెంటర్‌లో ఎవరూ ఒత్తిడి పెట్టక, తీరిగ్గా గురిచూసి తన్నిన బంతి ఫార్వర్డ్ పరుగు ముందర పడితే డిఫెండర్ చేయగలిగింది తక్కువ. ఎత్తుగా తేలుతూ వచ్చిన బంతి మీద ఒంటికి ఒంటిగా ఓడితే తప్పు అతనిదే. కీ ఫార్వర్డ్ గోల్ కొట్టకపోయినా, ఇద్దరు డిఫెండర్లని లాగి బంతిని నేలకి దించాడా? దించితే చిన్న ఫార్వర్డ్‌లు కొట్టిన గోల్స్‌లో అతనికి వాటా ఉంది. చేతులు కూడా అడ్డుపెట్టలేక అవతలివాడికి మార్కులు అప్పగించాడా? అప్పుడు రెండు గోల్స్ కొట్టినా ఐదే.

చిన్న ఫార్వర్డ్ 12 డిస్పోజల్స్‌తో గొప్ప ఆట ఆడగలడు. ఫార్వర్డ్ 50లో (అవతలి గోల్‌కి 50 మీటర్ల లోపు) ట్యాకిల్స్, వెంటపడి కంగారుపెట్టి తప్పు తన్నించిన సందర్భాలు లెక్కపెట్టు. ట్యాగర్ (అవతలి మంచి ఆటగాడిని ఆటంతా అంటిపెట్టుకునేవాడు) అయితే తన అంకెలు వదిలేయి. అతను పట్టుకున్నవాడు మొదటి మూడు క్వార్టర్లలో ఎన్ని క్లియరెన్సులు తీశాడన్నదే ప్రశ్న. వింగర్ల గురించి పైన చెప్పాను.

మైదానంలో ఉన్న సమయం శాతం చూడటం మరచిపోకు. కీ డిఫెండర్లు 90 పైన ఉంటారు, మిడ్‌ఫీల్డర్లు 75–85 మధ్య. 30 శాతం లోపు ఆడినవాడికి అంకె వేయకుండా ఒక వాక్యం రాసి వదిలేయి. తేడా ఎనిమిది గోల్స్ దాటాక పోగేసిన డిస్పోజల్స్‌ని లెక్కలోంచి తీసేయి. ఒక ఆటగాడి 30లో 12 అలా ఆట అయిపోయాక వచ్చాయంటే, నువ్వు రేటింగ్ వేయాల్సింది మిగతా 18కే. వాతావరణం కూడా అంతే ముఖ్యం. మార్వెల్‌లో కప్పు మూసి, బంతి పొడిగా ఉన్నప్పుడు జారవిడిస్తే సాకు లేదు. బల్లారట్‌లో ఎదురుగాలికి ఆడిన క్వార్టర్‌లో ఒక గోల్ ఇచ్చి బయటపడ్డ డిఫెన్స్‌కి ఒక అంకె పెంచొచ్చు.

కొలబద్ద సంగతి. తన పని తను చేసినవాడికి 6. అది తిట్టు కాదని పట్టిక పైనే ఒకసారి రాసేయి, లేకపోతే ప్రతివారం వాదనే. మామూలు గెలుపులో ఒకరిద్దరికి 8, నలుగురైదుగురికి 7, ఎక్కువమందికి 6, ముగ్గురు నలుగురికి 5, అవసరమైతే ఒకరికి 4. 9 అన్నది సీజన్ మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉండాలి. 10 జోలికి పోకు. అందరికీ వేశాక, ఒకే అంకె వచ్చినవాళ్లని పక్కపక్కన పెట్టి చూడు. 'ఈ ఆటలో ఈ ఇద్దరిలో ఎవడు లేకపోతే ఎక్కువ నష్టం?' అని అడిగితే చాలావరకు సర్దుకుంటాయి.

నీ పట్టికని సరిచూసుకోవడానికి బ్రౌన్‌లో మెడల్ (సీజన్ ఉత్తమ ఆటగాడికిచ్చేది) ఓట్లు వాడకు. అవి అంపైర్లు వేసే 3-2-1, పైగా సీజన్ అయ్యాక గానీ బయటికి రావు. అంపైర్లు బంతి దగ్గరే ఉంటారు కాబట్టి బంతి దగ్గర ఉన్నవాళ్లే గుర్తుంటారు. డిఫెండర్‌కి ఆ మెడల్ చివరిసారి వచ్చింది 1993లో, గావిన్ వాంగనీన్‌కి. కోచ్‌ల ఓట్లు మేలు. ఇద్దరు కోచ్‌లూ 5-4-3-2-1 వేస్తారు, కలిపితే ఒకరికి గరిష్ఠంగా 10. వారం వారం తెలుస్తాయి. అవతలి కోచ్ మనవాడికి వేసిన ఓటు మరీ విలువైంది, అతని ప్లాన్‌ని ఎవరు చెడగొట్టారో అతనికే బాగా తెలుసు.

రాసేటప్పుడు ప్రతి అంకె పక్కనా కనీసం ఒక సందర్భం ఉండాలి, క్వార్టర్‌తో సహా. 'బాగా ఆడాడు', 'తేలిపోయాడు' లాంటివి కొట్టేయి. 'మూడో క్వార్టర్‌లో రెండుసార్లు వెనక్కి పరుగెత్తక తన మనిషిని వదిలాడు' అని రాస్తే ఎవరైనా రీప్లే తీసి నీతో పోట్లాడొచ్చు. అలా పోట్లాడనివ్వు. ఐదారు ఆటల పిల్లవాడిని పదేళ్ల సీనియర్‌తో పోల్చకు. అతని కిందటి ఆటతో పోల్చు. జీతం, డ్రాఫ్ట్ నంబరు, రంగు, ఇంటి సంగతులు పట్టికలోకి రానివ్వకు. ఎవడైనా అలాంటిది కింద రాస్తే తీసేయి, వాదించకు.

ఆదివారం ఆట అయితే సోమవారం రాత్రికల్లా పట్టిక పెట్టేయి. మామూలుగా గురువారం సాయంత్రం తర్వాతి ఆటకి జట్టు ప్రకటిస్తారు. నువ్వు 4 వేసినవాడు మళ్లీ జట్టులో ఉండి, 7 వేసినవాడిని తీసేశారనుకో, కోచ్‌ని తిట్టే ముందు ఆ ఇద్దరి క్లిప్పులూ మరోసారి చూడు. బంతి దగ్గర లేనప్పుడు వాళ్లు ఎక్కడ నిలబడ్డారో చూడు. అప్పటికీ నీ అంకె మీదే నిలబడాలనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి, మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ బాబాయి