ఇక్కడిదా, తెచ్చి పెట్టిందా?

పాఠకుల ప్రశ్నలు – అలంపురం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అయిదు అలంపురం మీదే. మిగతావి వచ్చే సంచికకు ఆపి, జాగా అంతా వీటికే ఇస్తున్నాం.

ప్రశ్న: మా నాయనమ్మ కూడవెల్లిలో తానం చేసి సంగమేశ్వరునికి మొక్కేటోళ్లమని చెప్పేది. మొన్న మేం పోతే సంగమేశ్వరం గుడి అలంపురంలనే ఉంది, పక్కన సంగమం లేదు. యూట్యూబ్‌లనేమో సంగమేశ్వరం గుడి నీళ్లల్ల మునిగి తేలుతదని చూపిస్తున్నరు. ఏది నిజం? గుడిని విప్పి తెచ్చిన్రంటరు, అట్ల ఎట్ల విప్పుతరు?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: మీ నాయనమ్మ చెప్పిందీ నిజమే, మీరు చూసిందీ నిజమే. వీడియోల్లోది మాత్రం వేరే గుడి.

తుంగభద్ర వచ్చి కృష్ణలో కలిసే చోటు కూడవెల్లి. అక్కడి సంగమేశ్వరాలయం బాదామి చాళుక్యుల కాలం నాటిది. శ్రీశైలం జలాశయం నిండితే ఆ చోటు మునుగుతుంది కాబట్టి గుడిని రాయి రాయిగా విప్పి, అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మీరు చూసింది అదే. యూట్యూబ్‌లో కనిపించేది నంద్యాల జిల్లా ముచ్చుమర్రి దగ్గరి సప్తనదుల సంగమేశ్వరం. అక్కడ వేపదారు లింగం ఉంటుంది. దాన్ని తరలించలేదు. శ్రీశైలంలో నీటిమట్టం సుమారు 840 అడుగులకు దిగితే బయటపడుతుంది, వరద రాగానే మళ్లీ మునుగుతుంది. రెండు గుళ్లకూ పేరొకటే, రెండింటి కథ మార్చిన జలాశయమూ ఒకటే. అందుకే ఈ తికమక.

విప్పడం సంగతి. మొదట ప్రతి గోడకూ కొలతలతో పటం గీస్తారు, ఫొటోలు తీస్తారు. తర్వాత ఒక్కో రాయి మీదా రంగుతో గుర్తు పెడతారు: గోడ ఏ దిక్కుది, కింది నుంచి ఎన్నో వరుస, ఆ వరుసలో ఎన్నో రాయి. విప్పేది శిఖరం కొసన ఉండే గుండ్రటి రాయి, ఆమలకం నుంచి కిందికి, కట్టేది గుడి అడుగు పీఠం, అధిష్ఠానం నుంచి పైకి. ఇలాంటి రాతిగుళ్లు సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి బరువుతో నిలిచినవి. కాబట్టి విప్పేటప్పుడు గునపం తగిలి అంచు ఎగిరిపోతే ఆ సందు మళ్లీ పూడదు. వాననీళ్లు అందులో దిగుతాయి, రావి మొలకలు వేళ్లు పెడతాయి. ఇంకో చిక్కు కంటికి కనబడదు. రాతిగోడ చాలాచోట్ల రెండు పొరలుగా ఉంటుంది, నడుమ చిన్న రాళ్లు కూరి ఉంటాయి. నంబరు పడేది బయటి చెక్కుడు రాళ్లకే, లోపలి కూరుడుకు కాదు. కొత్త పునాది ఒక మూల కాస్త కుంగినా దెబ్బ పునాదిలో తెలియదు, గుమ్మం పైరాయి పగిలినప్పుడు తెలుస్తుంది. పాత గుళ్లు చూసేటప్పుడు ముందు అక్కడే కన్ను వేయండి.

కూడవెల్లి నుంచి రాళ్లన్నీ వచ్చాయి గానీ, స్నానం చేసి తడిబట్టలతో మెట్లెక్కి దర్శనానికి పోయే ఆ రేవు రాలేదు.

పాపనాశి గుళ్లదీ ఇదే లెక్క. ఇరవైకి పైగా చిన్నా పెద్దా ఆలయాలను అలంపురానికి నైరుతిలో, దాదాపు రెండున్నర కిలోమీటర్ల దూరంలో తిరిగి కట్టారు. ఇవి 9–11 శతాబ్దాలవి. శిఖరాలు మెట్లు మెట్లుగా పైకి పోతాయి. జోగులాంబ దర్శనానికి వచ్చినవాళ్లు ఇటువైపు తొంగి కూడా చూడరు, అదో దురదృష్టం.

ప్రశ్న: నవబ్రహ్మలంటరు, లోపల చూస్తే లింగాలే ఉన్నయి. మాకు రెండు గంటలే టైముంటది. ఏది చూడాలె, ఏది వదలాలె?
– ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. తొమ్మిదీ శివాలయాలే. తారకబ్రహ్మ గర్భగుడిలో మాత్రం మూర్తి లేదు. పేర్లలో ‘బ్రహ్మ’ ఎలా చేరిందంటే, స్థలపురాణం బ్రహ్మ తపస్సు కథ చెబుతుంది. ఇవి రససిద్ధులు, అంటే పాదరసంతో మందులు చేసే యోగులు, వాడిన మూలికల పేర్లనే మాట కూడా ఉంది. రెండూ వినడానికి బాగుంటాయి. కట్టిన కాలం మాత్రం కథ మీద ఆధారపడి లేదు: 7, 8 శతాబ్దాల బాదామి చాళుక్యులు. స్వర్గబ్రహ్మ వినయాదిత్యుని ఏలుబడిలోది (681–696).

రెండు గంటలే అంటున్నారు కాబట్టి బాలబ్రహ్మలో దర్శనం ముందే ముగించుకోండి. పూజలు సాగే ప్రధానాలయం అదే, శివరాత్రి సందడంతా అక్కడే. మిగిలిన సమయంలో సగం స్వర్గబ్రహ్మకే ఇవ్వండి. గోడల మీద దిక్పాలకులను వెతుక్కుంటూ బయట ఒక చుట్టు తిరగండి. తర్వాత విశ్వబ్రహ్మ. అర్కబ్రహ్మలో శిల్పాలు బాగా దెబ్బతిన్నాయి, టైము లేకుంటే అది వదిలేయొచ్చు.

తారకబ్రహ్మ తప్ప, శిఖరాలు మన వైపు గుళ్లలా ఉండవు. నాలుగు పక్కలా వంపు తిరుగుతూ పైకి పోయి, ఉసిరికాయ ఆకారపు ఆమలకంతో ముగుస్తాయి. ఇది ఉత్తరాది రేఖానాగర పద్ధతి. ఇదే పోలిక పట్టదకల్లు గళగనాథ ఆలయంలో కనిపిస్తుంది. గుళ్లన్నీ తూర్పు ముఖం. ఉదయం ఏడు నుంచి తొమ్మిది లోపు పోతే వెలుగు ద్వారం గుండా లోపలికి పడుతుంది, ముందరి చెక్కడం నీడలు తేలి కనబడుతుంది. గర్భగుడి చుట్టూ ఉన్న ప్రదక్షిణ దారిలో చీకటి ఉంటుంది, టార్చి పట్టుకుపోండి. మార్చి దాటితే పదకొండు తర్వాత ఆవరణలో చెప్పుల్లేని అరికాలు నిలవదు.

ప్రశ్న: జోగులాంబ గుడి 2005ల కట్టిందంటున్నరు. మరి శక్తిపీఠం పాతదెట్లయితది?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: కూడవెల్లిని తిరగేసి చూడండి. అక్కడ రాళ్లు పాతవి, చోటు కొత్తది. ఇక్కడ చోటు పాతది, రాళ్లు కొత్తవి. ‘అలంపురే జోగులాంబా’ అని అష్టాదశ శక్తిపీఠాల శ్లోకంలో ఉన్న పీఠం ఇదే, వరుసలో అయిదోది. పాత ఆలయం 14వ శతాబ్దంలో బహమనీల దాడిలో నేలమట్టమైంది. అమ్మవారిని బాలబ్రహ్మ గుడిలోకి చేర్చారు. వందల ఏళ్లు పూజలు అక్కడే జరిగాయి, కాబట్టి మీ పెద్దవాళ్లు అమ్మవారిని అక్కడే చూసి ఉంటారు. పాత స్థలంలో గుడి లేచి, 2005లో అమ్మవారు తిరిగి వచ్చారు. ఉగ్రమూర్తి కదా, చల్లబరచడానికి గుడి చుట్టూ నీళ్లు నిలిపారు. జటలో బల్లి, తేలు, గబ్బిలం, పుర్రె ఉంటాయి. దర్శనం వరసలో కదులుతూ ఉంటారు గనక, ఏం చూడాలో ముందే తెలిసి ఉంటే మేలు.

ప్రశ్న: పోయినసారి మెట్ల మీద బురదకు మా అమ్మ జారి పడ్డది. తానానికి ఏ నెల మంచిది? గుళ్ల నుంచి నది కనబడకుండ ఆ గోడ ఎందుకు కట్టిన్రు?
– ఒక పాఠకురాలు, షాద్‌నగర్

జవాబు: రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే, శ్రీశైలం మట్టం. పూర్తిస్థాయి 885 అడుగులు. అంతవరకు నిండితే వెనుకజలాలు తుంగభద్రలో అలంపురం దాకా ఎగదన్నుతాయి. నవబ్రహ్మలను విప్పకుండా కాపాడుకోవాలంటే నదికీ ఊరికీ నడుమ అడ్డుకట్ట తప్పలేదు. ఇలాంటి కట్టతో ఒక చిక్కుంది. నది మట్టం లోపలి నేలకంటే ఎత్తున నిలిస్తే, ఊళ్లో పడ్డ వాన నదిలోకి పోలేదు, తోడి పోయాలి. 2009 అక్టోబరు వరదలో శ్రీశైలం 885 దాటి దాదాపు 896 అడుగులకు చేరినప్పుడు ఈ తీరం పడ్డ అవస్థ అందరికీ గుర్తే.

నిండు నది కంటే తీస్తున్న నది ప్రమాదం. మట్టం దిగుతున్నప్పుడు నిన్నటిదాకా మునిగిన మెట్ల మీద సన్నటి ఒండ్రు పొర మిగులుతుంది. ఎండి పైకి పెచ్చులా కనిపిస్తుంది, అడుగు వేస్తే కింద జిగట. ఆ రోజుల్లో ముసలివాళ్లను దించకండి, చెంబుతో పై మెట్టు మీదే స్నానం చేయించండి. నీళ్లు నిలకడగా ఉండి, వరద మురికి తేరుకున్న కార్తీకం స్నానానికి అనువు. ఎండాకాలం మడుగులే మిగులుతాయి, నిలవ నీళ్లలో మునగడం వద్దు. పుష్కరాలు చూసి పోదామనుకుంటే, తుంగభద్రకు 2020లో అయ్యాయి, మళ్లీ 2032లోనే. కృష్ణకు 2028.

ప్రశ్న: మా తాత కాగితాలల్ల ‘అలంపూర్ తాలూకా, రాయచూర్ జిల్లా’ అని ఉంది. అచ్చుతప్పా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తప్పు కాదు. హైదరాబాద్ రాష్ట్రంలో అలంపురం, గద్వాల తాలూకాలు రాయచూరు జిల్లావే. 1956 నవంబరు 1న మహబూబ్‌నగర్‌లో కలిశాయి, 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల జిల్లా అయింది. భూమి సంగతి అయితే 1954–55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డు) నకలు అడగండి. అది జిల్లా మారకముందుది, కాబట్టి దరఖాస్తులో తాలూకా పేరుతో పాటు పాత జిల్లా పేరు కూడా రాయండి. అంతకుముందు నాటి సేత్వార్ (తొలి భూమి సర్వే రికార్డు) ఉర్దూలో ఉంటుంది, చదివి పెట్టే మనిషిని వెంట తీసుకుపోండి.