కరువు పనులు నడిపే ఉద్యోగం: మీ అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. చరిత్ర, రాజనీతి శాస్త్రం గ్రూపు. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా రాష్ట్రాల్లో సహాయ కార్యక్రమాలు నడిపిన మహిళల మీద ప్రాజెక్టు రాసింది. అప్పట్నుంచీ ‘నాకూ అలాంటి ఉద్యోగమే కావాలి, అమెరికా వెళ్లి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేస్తా’ అంటోంది. అసలు అది ఒక కెరీరేనా? దానికి ఏం చదవాలి? – ఒక తల్లి

జవాబు: కెరీరే అమ్మా, సందేహం లేదు. కాకపోతే చాలామంది అనుకునేట్టు అది అన్నం వడ్డించే ఉద్యోగం కాదు, లెక్క రాసే ఉద్యోగం. మీది అనంతపురం కనుక కరువు పని అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. మస్టరులో, అంటే కూలీల హాజరు పట్టీలో, పేరు ఎవరిది పడాలి, కూలి ఎంత కట్టాలి, డబ్బు ఏ రోజు చేతికి అందాలి అన్నవే అక్కడ అసలు ప్రశ్నలు. 1930ల్లో జార్జియాలోనూ మిసిసిపీలోనూ ఆ మహిళల బల్లల మీద ఉన్నవీ ఈ ప్రశ్నలే.

ముందు ఆ ఉద్యోగాలు ఎలా పుట్టాయో చూడండి. 1929 దాకా అక్కడ పేదలకు సాయం అంటే చర్చీలు, ధర్మసంస్థలు, కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) తమకు తోచినంత చేసేదే. 1931లో న్యూయార్క్ గవర్నరుగా ఉన్న ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ తన రాష్ట్రంలో తాత్కాలిక సహాయ సంస్థ పెట్టి, దాన్ని నడపడానికి హ్యారీ హాప్కిన్స్‌ను తీసుకున్నాడు. 1933 నాటికి పనివాళ్లలో నాలుగో వంతు మందికి పని లేదు. ఆ మే నెలలో 50 కోట్ల డాలర్లతో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, సహాయ సంస్థ మొదలైంది. దాని పొట్టి పేరు ఫెరా (మన పాత విదేశీ మారకద్రవ్య చట్టంతో దీనికి సంబంధం లేదు). దానికి అధిపతిగా వచ్చిన హాప్కిన్స్ మొదటే ఒక నిబంధన పెట్టాడు: ప్రభుత్వ సొమ్మును ప్రభుత్వ కార్యాలయమే పంచాలి, ప్రైవేటు ధర్మసంస్థ చేతికి ఇవ్వకూడదు. 1933 ఆగస్టు 1 నుంచి అమలు. దాంతో ధర్మసంస్థల్లో ఇళ్లు తిరిగి కేసులు చూసిన ఉద్యోగులు పెద్ద సంఖ్యలో సర్కారు ఉద్యోగులయ్యారు. ఆ వృత్తిలో అప్పటికే ఆడవాళ్లే ఎక్కువ. రాష్ట్ర స్థాయిలో వాళ్లకు తలుపు తెరుచుకున్నది ఇలా. ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, ఆ పని తెలిసినవాళ్లు వేరే దొరకలేదు.

పైకి వెళ్లిన వాళ్ల దారులు ఒకేలా లేవు. మీ అమ్మాయి ఇక్కడ కాస్త ఆగి చూడాలి. జేన్ హోయ్‌ది చదువు దారి. 1914లో వాషింగ్టన్ ట్రినిటీ కాలేజీలో డిగ్రీ, 1916లో కొలంబియాలో రాజనీతి శాస్త్రంలో ఎంఏ, అదే ఏడాది న్యూయార్క్ స్కూల్ ఆఫ్ ఫిలాంత్రపీలో డిప్లొమా. న్యూయార్క్ నగర శిశు సంక్షేమ బోర్డులో, రెడ్‌క్రాస్‌లో, క్షయ నివారణ కమిటీలో పనిచేసి, 1936లో సోషల్ సెక్యూరిటీ బోర్డు కింద ప్రజాసహాయ విభాగం డైరెక్టరైంది. అంటే సుమారు ఇరవై ఏళ్లు కింది మెట్ల మీదే గడిచాయి. ఎలెన్ వుడ్‌వర్డ్‌కు కాలేజీ డిగ్రీ లేదు. 1925లో భర్త పోతే, మిసిసిపీ శాసనసభలో ఆయన సీటులో మిగిలిన కాలానికి గెలిచింది. తర్వాత రాష్ట్ర అభివృద్ధి బోర్డులో చేరి దాన్ని నడిపే స్థాయికి ఎదిగింది. మిసిసిపీలో ఏ కౌంటీలో ఎవరిని అడిగితే పని జరుగుతుందో ఆమెకు తెలుసు. 1933లో హాప్కిన్స్ ఆమెకు ఫెరా మహిళా విభాగం అప్పజెప్పడానికి ఆ తెలివిడి ముఖ్యం. మూడో మనిషి గే షెపర్సన్. జార్జియా సంక్షేమ శాఖ ఉద్యోగిగా మొదలై రాష్ట్ర సహాయ కార్యక్రమానికి, ఆ తర్వాత అక్కడి వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్‌కు, అంటే డబ్ల్యూపీఏకు, అధిపతి అయింది.

ఇక కింది మెట్టు. అప్పట్లో ఈ రంగంలోకి వచ్చిన యువతికి మొదటి ఉద్యోగం ‘విజిటర్’. దరఖాస్తు పెట్టుకున్న కుటుంబం ఇంటికి వెళ్లాలి. ఎంతమంది తినేవాళ్లు, ఎవరికి ఎంత రాబడి, అద్దె బకాయి ఎంత, ఆదుకునే బంధువులు ఉన్నారా అని అడిగి రాసుకోవాలి. తర్వాత లోటు లెక్క కట్టాలి. ఉదాహరణకు, అయిదుగురున్న ఇంటికి వారానికి 9 డాలర్లు కావాలనుకోండి. కొడుకు పేపర్లు వేసి 2 తెస్తున్నాడు, తండ్రికి అడపాదడపా దొరికే పనితో 3 వస్తున్నాయి. మిగిలిన 4 డాలర్లే సహాయం. చాలాచోట్ల ఆ నాలుగూ నగదుగా కాక కిరాణా చీటీగా ఇచ్చేవారు.

చూడ్డానికి ఇది చిన్న లెక్కే. తప్పులు ఎక్కడ వచ్చేవంటే, ఒక్కో విజిటర్ చేతిలో వంద కుటుంబాలు దాటేవి. రెండోసారి ఆ ఇంటికి వెళ్లేసరికి తండ్రి పని పోయి ఉండేది, లెక్క మాత్రం పాతదే. ఇంకో చిక్కు ఏమిటంటే, పది రోజుల పని దొరికిందని చెబితే కేసు మూసేస్తారు, మళ్లీ తెరవాలంటే వారాలు పడుతుంది. అందుకని జనం చిన్నాచితకా పని వదులుకునేవారు, లేదా దాచేవారు. తప్పు జనానిదా, ఫైలుదా? నా మటుకు ఫైలుదే అంటాను. ఇది కనిపెట్టి నిబంధన మార్పించగలిగిన విజిటరే సూపర్‌వైజర్‌గా పనికొస్తుంది. పెద్ద సూపర్‌వైజర్ల కొరత ఎంత ఉందంటే, ఫెరా తన ఖర్చుతో ఉద్యోగులను సోషల్ వర్క్ స్కూళ్లకు చదువుకు పంపింది.

1935లో డబ్ల్యూపీఏ వచ్చాక సాయం స్థానంలో పని వచ్చింది. నెలకూలి దక్షిణాది పల్లెల్లో నైపుణ్యం లేని పనికి 19 డాలర్ల నుంచి, పెద్ద నగరాల్లో వృత్తి నిపుణులకు 94 డాలర్ల దాకా. ఇంటికి ఒక్కరికే పని అన్న నియమం ఆడవాళ్లకు పెద్ద అడ్డు. భర్త ఇంట్లో ఉండి, కాయకష్టం చేయగలిగితే భార్యకు పని రాదు. కుటుంబాన్ని పోషించేది తానేనని స్థానిక కార్యాలయం ధ్రువీకరించాలి. భర్త వదిలేసి వెళ్లిన మనిషి దాన్ని ఏ కాగితంతో రుజువు చేస్తుంది? ఇవే రోజువారీ పేచీలు.

పని దొరికిన మహిళల్లో సగానికి పైగా కుట్టు గదుల్లోకి వెళ్లారు. ఈ గది నిర్వహణను కాస్త దగ్గర నుంచి చూస్తే ఉద్యోగ స్వభావం అర్థమవుతుంది. గది, కరెంటు, కొంత సామగ్రి స్థానిక ప్రభుత్వ సంస్థ ఇవ్వాలి. కూలి ఫెడరల్ సొమ్ము. కుట్టిన బట్టలు బజార్లో అమ్మకూడదు, సహాయం పొందే కుటుంబాలకూ ఆసుపత్రులకూ ఇవ్వాలి, లేకపోతే వ్యాపారులు గోల పెడతారు. వచ్చినవాళ్లలో చాలామంది పొలం పనో, ఇళ్లలో వంట పనో తప్ప మిషను తొక్కడం ఎరుగరు. గుడ్డ కత్తిరించే మనిషి ఒక్కతే ఉండి ఆ రోజు రాకపోతే మిషన్లన్నీ ఖాళీ. అందుకని కత్తిరించడం ఇద్దరు ముగ్గురికి నేర్పాలి, మిషను రానివాళ్లకు చేతి కుట్టు, గుండీలు, బొంతలు ఇవ్వాలి. గుడ్డ థాను ఎప్పుడొచ్చింది, ఎన్ని గజాలు, ఎన్ని చొక్కాలు, తుక్కు ఎంత, ఇవన్నీ రిజిస్టరులో ఉండాలి. లెక్క తేలని గదిని చూపించి పత్రికలు కార్యక్రమం మొత్తాన్నీ ఎగతాళి చేసేవి. ఇంకో లోపం కూడా చెప్పాలి: ఇన్ని లక్షల మందిని కుట్టుకే తోయడం వల్ల బయట మంచి జీతం వచ్చే పని నేర్చుకున్నవాళ్లు తక్కువ.

ఈ ఉద్యోగంలో రాజకీయం తప్పదు. అది మీ అమ్మాయి ఇప్పుడే తెలుసుకోవాలి. జార్జియా గవర్నరు యూజీన్ టాల్మడ్జ్‌కు సహాయ కార్యక్రమం కూలి రేట్లు గిట్టేవి కావు. పత్తి రైతుకు రోజుకు అర డాలరుకు దొరికే కూలీ, సర్కారు పనికి పోతే అంతకు రెట్టింపుకు పైగా వస్తుందని ఆయన గొడవ. మన దగ్గర నాట్ల సీజన్లో ఉపాధి పని ఆపమని అడిగే రైతులున్నారుగా, అదే వాదన. చివరికి 1935 ఏప్రిల్‌లో హాప్కిన్స్ జార్జియా కార్యక్రమాన్ని గవర్నరు చేతి నుంచి తప్పించి ఫెడరల్ ఆధీనంలోకి తెచ్చాడు. దాన్ని నడిపింది షెపర్సనే. పైనుంచి అండ ఉన్నంతకాలం ఆ పోరు నిలిచింది. అండ లేని చోట అధికారి బదిలీ అవుతాడు, లేదా ఇంటికి వెళ్తాడు.

స్థిరత్వం సంగతి మరోటి. 1932 ఎకానమీ చట్టంలో 213వ సెక్షన్ ప్రకారం, భార్యాభర్తలిద్దరూ ఫెడరల్ ఉద్యోగులైతే సిబ్బందిని తగ్గించేటప్పుడు ముందు వాళ్లలో ఒకరిని తీసేయాలి. వెళ్లింది ఎక్కువగా భార్యలే. 1937లో అది రద్దయింది. డబ్ల్యూపీఏ 1943లో మూతపడింది. నిలబడినవాళ్లు ఎవరంటే, 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం కింద వచ్చిన రాష్ట్ర సంక్షేమ శాఖల్లోకి సమయానికి మారినవాళ్లు. 1939 సవరణతో ఆ శాఖల్లో నియామకాలు ప్రతిభ ఆధారంగానే జరగాలన్న షరతు 1940 నుంచి వచ్చింది. అంతటి జేన్ హోయ్‌ని కూడా 1953లో, పోస్టును రాజకీయ నియామకంగా మార్చి, రాజీనామా ఇవ్వనంటే తొలగించారు.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి. అమెరికాలో ఎంఎస్‌డబ్ల్యూ మామూలుగా రెండేళ్లు, అందులో కనీసం 900 గంటలు ఫీల్డు పని. చదువు మంచిదే. చిక్కు తర్వాత వస్తుంది. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలకు దాదాపు అన్నిచోట్లా పౌరసత్వం కావాలి. సోషల్ వర్క్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు కాదు కనుక చదువయ్యాక పని అనుమతి 12 నెలలే, పొడిగింపు ఉండదు. ప్రభుత్వ సహాయ కార్యక్రమం నడపడమే ఆమె కోరికైతే, అప్పు చేసి ఆ దారిన పంపమని నేను చెప్పను.

ఆ పని ఇక్కడే, మీ జిల్లాలోనే ఉంది. 2006 ఫిబ్రవరిలో జాతీయ ఉపాధి హామీని ప్రారంభించింది బండ్లపల్లిలో. షెపర్సన్ కుర్చీకి మన దగ్గర దగ్గరి పోలిక ఎంపీడీవో, అంటే మండల పరిషత్ అభివృద్ధి అధికారి. అది గ్రూప్-1 పోస్టు, ఏ డిగ్రీ అయినా చాలు, మీ అమ్మాయి బీఏ పనికొస్తుంది. శిశు సంక్షేమంలో సీడీపీవో (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) మంచి ఉద్యోగమే కానీ, దానికి సాధారణంగా హోమ్ సైన్స్, సోషల్ వర్క్, సోషియాలజీ లాంటి డిగ్రీలు అడుగుతారు. నోటిఫికేషన్‌లో అర్హతల పట్టిక చదవకుండా కోచింగ్‌కు డబ్బు కట్టొద్దు. ఎంఎస్‌డబ్ల్యూ కావాలంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాద్ రోడా మిస్త్రీ కాలేజీ ఉన్నాయి. చేరే ముందు ఫీల్డు పనికి ఎక్కడికి పంపుతారో, వారానికి ఎన్ని రోజులో అడగండి. ఆ జవాబు తడబడితే ఇంకో కాలేజీ చూసుకోండి. సొసైటీల కింద ఇచ్చే కాంట్రాక్టు ఉద్యోగాలు నేర్చుకోడానికి బాగుంటాయి. రెండు మూడేళ్లకు మించి వాటిలోనే ఉండిపోతే పోటీ పరీక్షల వయసు దాటుతుంది.

పరీక్షలయ్యాక ఈ వేసవిలో ఒక పని చేయించండి. దగ్గర్లోని మండలంలో సామాజిక తనిఖీ ప్రజావేదిక (ఉపాధి పనుల లెక్కలను జనం ముందు చదివి తేల్చే సభ) ఎప్పుడో మండలాఫీసులో కనుక్కుని, ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోమనండి. అంతకు ముందే ఒక ఊరి మస్టరు తీసుకుని, అందులోని పది పేర్ల ఇళ్లకు వెళ్లి, ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత అందింది అని అడిగి రాసుకుని, మస్టరులో ఉన్నదాంతో పక్కపక్కన పెట్టి చూడమనండి. ఎండలో ఆ పది ఇళ్లూ తిరిగాక కూడా పదకొండో ఇంటికి వెళ్తానంటే గ్రూప్-1 పుస్తకాలు కొనండి.