అవతలి మనిషి లేచి వెళ్ళగలిగే చోటే మొదలుపెట్టండి

ఆఫీసులో పక్కన కూర్చునే సహోద్యోగికి క్రీస్తు గురించి చెప్పాలని ఉంది, కరపత్రం ఇవ్వడం మంచిదా, సొంత సాక్ష్యం చెప్పడం మంచిదా, నేరుగా ఆరాధనకు పిలవడం మంచిదా అని అడిగారు. మూడూ మంచివే. ఈ మూడు దారుల్లోనూ విశ్వాసంలోకి వచ్చినవాళ్ళు నాకు తెలుసు. ఈ మూడింటివల్లా మనసు విరిగి మళ్ళీ ఆ వైపు చూడనివాళ్ళూ తెలుసు. కాబట్టి పద్ధతి గురించి అంతగా మథనపడకండి. నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మీ మాట నచ్చకపోతే ఆ సహోద్యోగి లేచి వెళ్ళిపోగలరా? వెళ్ళిపోయినా మీతో తనకు ఏ ఇబ్బందీ రాదని ఆయనకు తెలుసా? అవునని గట్టిగా చెప్పగలిగితే ఏ పద్ధతిలోనైనా చెప్పండి. చెప్పలేకపోతే మీరు ఎంత ప్రేమగా మాట్లాడినా ఆయనకు అది ఒత్తిడిగానే తగులుతుంది.

మాది మూడు తరాలుగా సువార్త పనిలో ఉన్న కుటుంబం. ఇంటింటికీ వెళ్ళే బృందాలు, శిక్షణ తరగతులు, యువజన కూటాలు అన్నీ చూస్తూ పెరిగాను. అయినా ఈ అభిప్రాయం నాలో గట్టిపడింది మాత్రం ఒక ఆసుపత్రి వార్డులో.

అమ్మకు పిత్తాశయం ఆపరేషన్ అయి ఆడవాళ్ళ వార్డులో ఉంది. పక్క మంచం కిటికీ వైపు ఉండేది. ఆ మంచం మీద అమ్మకంటే వయసులో పెద్దావిడ ఒకరు. కడుపులో గడ్డ. మర్నాడు ఉదయమే ఆపరేషన్. ముక్కులో ఆక్సిజన్ గొట్టం, ఎడమ చేతికి సెలైన్ సూది, సూది కదలకుండా మణికట్టు దాకా తెల్లటి పట్టీ. కొడుకు మందులు తేవడానికి కిందికి వెళ్ళాడు. సాయంత్రం, రోగులను చూడనిచ్చే సమయంలో, ఒక సువార్త బృందం వచ్చింది. నలుగురైదుగురు ఉంటారు. ఆమె మంచం చుట్టూ నిలబడ్డారు. వాళ్ళలో ఒకామె ఎంతో ఆప్యాయంగా చేయి పట్టుకుంది. పట్టుకున్నది సూది ఉన్న చేయి. పెద్దావిడ ముఖం చిట్లించారు కానీ చేయి లాక్కోలేదు.

బృందం నాయకుడు కొంచెం వంగి అడిగాడు: "అమ్మగారూ, ఈ రాత్రి మీ ప్రాణం పోతే ఎక్కడికి వెళ్తారో మీకు నిశ్చయంగా తెలుసా?"

ఆ ప్రశ్న ఆయన సొంతం కాదు, మొరటుతనంతో అడిగిందీ కాదు. 1960లలో అమెరికాలోని ఫ్లోరిడాలో డి. జేమ్స్ కెనడీ అనే పాస్టర్ తన సంఘస్థులకు ఇళ్ళు దర్శించడం నేర్పుతూ ఇలాంటి ప్రశ్నతో సంభాషణ మొదలుపెట్టించేవారు. అక్కడినుంచి అది ప్రపంచమంతా పాకింది. సొంత ఇంట్లో తీరిగ్గా కూర్చున్న మనిషిని ఈ మాట అడిగితే, ఇష్టం లేకపోతే ఆయన నవ్వేసి మాట మార్చవచ్చు, పని ఉందని లేవవచ్చు. తెల్లవారితే కత్తి కిందికి వెళ్ళబోయే మనిషిని, గొట్టాలతో మంచానికి కట్టుబడి ఉన్న మనిషిని అడిగితే? ఆవిడ చూపు తలుపు వైపు పోయింది, కొడుకు వస్తున్నాడేమోనని. తర్వాత వాళ్ళు ఏమడిగినా తల ఊపారు. ప్రార్థనను ఒక్కో ముక్క చెప్పించారు, ఆవిడ ఊపిరి పోగేసుకుని ఒక్కో ముక్కా పలికారు. నాయకుడు జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి ఆవిడ పేరు, మంచం నంబరు రాసుకున్నాడు. ఒక కరపత్రం తలగడ కింద పెట్టి, స్తోత్రం చెప్పి వెళ్ళిపోయారు.

ఆవిడ చాలాసేపు కళ్ళు తెరవలేదు. తర్వాత మెల్లగా అమ్మను అడిగారు, "వెళ్ళిపోయారా?"

అమ్మ "వెళ్ళిపోయారక్కయ్యా" అంది. తలగడ కింద కాగితం మెడకు గుచ్చుకుంటోందని ఆవిడ అంటే, నన్ను తీసి తన సొరుగులో పెట్టమంది. ఆ రాత్రి పెద్దావిడకు నిద్ర పట్టలేదు. అమ్మ కూడా మెలకువగానే ఉంది. చీకట్లో ఆవిడ అడిగిన ప్రశ్నలు ఏ శిక్షణ తరగతిలోనూ వినలేదు నేను. మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరి ఆడనట్టు ఉంటుందా? మెలకువ వచ్చాక మొదట ఏం తెలుస్తుంది? అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది: గొంతు మండుతుంది, విపరీతంగా చలి వేస్తుంది, సిగ్గుపడకుండా ఇంకో దుప్పటి అడగండి అని. జీవితమంతా వాక్యం చదివిన మనిషి ఆ రాత్రి ఒక్క వాక్యం ఎత్తలేదు. సొరుగు మీద బైబిలు ఉంది, ఆవిడకు కనబడుతూనే ఉంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆవిడను వార్డుకు తెచ్చాక ఒక ఉదయం తనంతట తానే అడిగారు. "లేవగానే కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతావు కదమ్మా, ఏమని చెప్పుకుంటావు?"

"ఈ వార్డులో ఉన్నవాళ్ళ పేర్లు చెబుతానక్కయ్యా."

"నాది కూడానా?"

"మీ పేరు తెలియక ముందు, కిటికీ పక్క మంచం అని చెప్పేదాన్ని."

ఆ రోజే ఏదైనా చదివి వినిపించమన్నారు. అమ్మ మార్కు సువార్త 5వ అధ్యాయం తీసింది. పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో బాధపడి, వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చుపెట్టి, జబ్బు ఇంకా ముదిరిన స్త్రీ కథ. "ఉన్నదంతా వైద్యులకే పోసిందా!" అని పెద్దావిడ కుట్లు నొప్పి పుట్టేలా నవ్వారు. తర్వాత ఏమైందని అడిగారు. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆవిడే అడిగేవారు, అమ్మ చదివేది. ఇళ్ళకు వెళ్ళాక ఫోన్లు కూడా నడిచాయి. ఆవిడ ఏ సంఘంలోనైనా చేరారా, బాప్తిస్మం తీసుకున్నారా అని అమ్మ ఒక్కసారైనా విచారించలేదు. అడిగి తెలుసుకోవాలని నాకూ అనిపించలేదు.

ఆ బృందానికీ అమ్మకూ మధ్య తేడా మంచితనంలో లేదు. ఆ బృందంలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, సొంత ఖర్చులతో, సెలవు రోజు మానుకుని వచ్చినవాళ్ళు. తేడా ఎక్కడుందంటే, మొదటి సంభాషణలో కాదనే వీలు పెద్దావిడకు లేదు, రెండోదాంట్లో ఉంది. చదవమని ఆవిడ అడగకపోతే బైబిలు సొరుగు మీదే ఉండిపోయేది.

ఇది నా ఒక్కడి పట్టుదల అనుకోకండి. ప్రపంచ సంఘాల మండలి, వాటికన్‌లోని మతాంతర సంభాషణ విభాగం, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి అనే మూడు పెద్ద సంస్థలు, సిద్ధాంతాల్లో ఎన్నో చోట్ల విభేదించేవి, 2011లో కలిసి ఒక పత్రం విడుదల చేశాయి. బహుళ మతాల ప్రపంచంలో క్రైస్తవ సాక్ష్యం ఎలా ఉండాలన్నది దాని విషయం. సువార్త చెప్పడం మన ధర్మమని మొదట చెప్పి, ఆపైన గట్టిగా హద్దులు గీశారు. పేదరికాన్ని, అవసరాన్ని ఆసరా చేసుకోకూడదు. స్వస్థత పరిచర్యలో రోగుల నిస్సహాయతను వాడుకోకూడదు. పట్టుమని పది నిమిషాల్లో చదవగలిగే పత్రం. దాన్ని ప్రతి సువార్త శిక్షణలో మొదటి రోజే చదివించాలి. మన సంఘాల్లో దాని పేరైనా విన్నవాళ్ళు ఎంతమంది? ప్రారంభ ప్రశ్నలూ ముగింపు ప్రార్థనా కంఠస్థం చేయించడానికి ఉన్న సమయం దీనికి లేకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

యేసు పద్ధతి చూడండి. ధనవంతుడైన యువకుడు వచ్చి మోకరించి నిత్యజీవం గురించి అడిగాడు. జవాబు విని ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆయన అతన్ని ప్రేమించాడని మార్కు రాశాడు, కానీ వెనక పరిగెత్తాడని రాయలేదు, షరతు తగ్గించాడనీ రాయలేదు. యోహాను 6వ అధ్యాయంలో ఇంకా పెద్ద సంగతి ఉంది. శిష్యుల్లో చాలామంది మాట కఠినంగా ఉందని వెనుదిరిగితే, ఆయన మిగిలిన పన్నెండుమందినీ మీరు కూడా వెళ్ళిపోవాలనుకుంటున్నారా అని అడిగాడు. తలుపు తానే తెరిచి చూపించాడు. ఏథెన్సులో పౌలు మాట్లాడాక కొందరు ఎగతాళి చేశారు, కొందరు మళ్ళీ వింటామన్నారు, దియొనూసియు, దమరి లాంటి కొందరు నమ్మారు. పౌలు అక్కడినుంచి వెళ్ళిపోయాడు. ఎగతాళి చేసినవాళ్ళను ఎవరూ వెంబడించలేదు.

మిషనరీల చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదోనిరామ్ జడ్సన్ అనే అమెరికన్ మిషనరీ కట్టిన విశ్రాంతి మందిరం. ఆయన 1813లో బర్మాలోని రంగూన్ చేరాడు. భాష నేర్చుకోవడంలో, అనువాదంలో ఏళ్ళు గడిచాయి. 1819లో దారి పక్కన ఒక జాయత్ వేశాడు. అంటే బర్మాలో బాటసారులు ఆగి సేదతీరే పందిరి లాంటి కట్టడం. అందులో కూర్చుని దారినపోయేవాళ్ళను పలకరించేవాడు. కావాలన్నవాడు కూర్చుంటాడు, వద్దన్నవాడు దారిన పోతాడు. మొదటి బాప్తిస్మం ఆ ఏడాదే జరిగింది, వచ్చిన ఆరేళ్ళకు. విలియం కేరీకి 1793లో భారతదేశంలో అడుగుపెట్టాక మొదటి బాప్తిస్మం కోసం 1800 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ రోజుల్లో అలాంటి నివేదిక పంపితే ఆ మిషనరీని వెనక్కి పిలిపిస్తారు! పేర్లు రాసుకునే నోటు పుస్తకాలు పోతే తప్ప ఈ తొందర పోదు. ఆసుపత్రిలో తల ఊపిన పెద్దావిడ కూడా ఏదో నివేదికలో ఒక ఆత్మగా లెక్కకు చేరే ఉంటారు.

సాక్ష్యం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీరు దాన్ని ఎంచుకుంటారని నాకు అనిపిస్తోంది. మన కూటాల్లో సాక్ష్యాలు పోటీగా మారాయి. తాగుడు, అప్పులు, ఆత్మహత్యా ప్రయత్నం, ఆపైన వెలుగు. అలాంటివి నిజంగా జరిగినవాళ్ళు చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. కానీ చిన్నప్పటినుంచి ప్రార్థన వింటూ పెరిగిన అమ్మాయి నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదని తలవంచుకోవడం ఎన్నోసార్లు చూశాను. తిమోతి విశ్వాసం అమ్మమ్మ లోయి నుంచి, తల్లి యునీకే నుంచి వచ్చిందని పౌలు ఎంత గౌరవంగా రాశాడు! మీ కథ మామూలుదైతే మామూలుగానే చెప్పండి. ఎదుటివాళ్ళ దేవుళ్ళను, ఆచారాలను కించపరుస్తూ మాత్రం సాక్ష్యం చెప్పకండి. అలా చెప్పినవాళ్ళను నేను వేదిక దిగాక నిలదీసిన సందర్భాలున్నాయి, ఇకముందు కూడా నిలదీస్తాను. పొద్దున్నే ఆఫీసు గ్రూపులో వాక్యాల బొమ్మలు పంపడం కూడా మానేయండి. ఆ గ్రూపులోంచి ఎవరూ బయటికి పోలేరు, పనికి సంబంధించిన సమాచారమంతా అందులోనే వస్తుంది.

ఇక మీ సహోద్యోగి సంగతి. ముందు ఆయన జీవితంలో ఏం జరుగుతోందో తెలుసుకోండి, సువార్తకు సందు దొరుకుతుందని కాకుండా, పక్కన కూర్చునే మనిషి కాబట్టి. మీరు విశ్వాసి అన్న సంగతి దాచవద్దు. ఆదివారం ఏం చేశారని అడిగితే ఆరాధనకు వెళ్ళానని చెప్పండి, అక్కడితో ఆపండి. మీలోని నిరీక్షణకు కారణం అడిగినవాళ్ళకు సాత్వికంతో, గౌరవంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు రాశాడు. ఆ మాటలో అడిగేవాడు ముందున్నాడు. అడిగినప్పుడు నసగకుండా సూటిగా చెప్పండి. ఇంకా వినాలని ఉంటే మార్కు సువార్త కలిసి చదువుదామా అనండి. పదహారు అధ్యాయాలే, సువార్తలన్నిటిలో చిన్నది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపవచ్చు. వద్దంటే సరేనని, మర్నాడు అంతకుముందులాగే పలకరించండి. ఆ మర్నాటి పలకరింపులో తేడా వస్తే ఆయన వెంటనే పసిగడతారు.

ఒక సంగతి మీ ప్రశ్నలో లేదు. ఆయన మీకు సమానమైన హోదాలో ఉన్నారా, మీ కింద పనిచేస్తున్నారా? ఆయన పని మీద నివేదిక, సెలవు, జీతం పెంపు మీ సంతకంతో జరిగేవైతే నేను పైన రాసిందేదీ మీకు వర్తించదు. ఆ సంతకం మీ చేతిలో ఉన్నంతకాలం మీరుగా ఈ విషయం ఎత్తకండి. ఆయన గురించి ప్రార్థించండి, పనిలో న్యాయంగా ఉండండి, వినాలని ఆయనే అడిగితే మీ సంఘంలో ఇంకెవరినైనా పరిచయం చేయండి.